ఇనుప చప్పుడు

తన పొలంలో ఇల్లన్నదే ఎన్నడూ లేదన్నాడు గైల్స్ హాక్సబీ. ఊరి సమావేశంలో, అందరి ముందూ, నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా మెర్విన్ డ్యాక్ చేతిలోని, మట్టికింది లోహాన్ని పసిగట్టే యంత్రం నేలకు తగులుతోంది. తగలకూడదు. బెత్తెడు ఎత్తున, గడ్డి కోసే కొడవలిలా, కుడికీ ఎడమకీ తిప్పుతూ పోవాలి. పదకొండేళ్లుగా ఆదివారాల్లో అతని పని అదే.

ఇంగ్లండు తూర్పున, నార్ఫక్‌లో ముసురు పట్టింది. దుక్కి మట్టి అంటుకుని బూట్లు బరువెక్కాయి. మెర్విన్‌కు యాభై ఎనిమిదేళ్లు. పదిహేనో ఏట బడి మానేసి క్యారెట్లు కడిగే షెడ్డులో చేరాడు. చన్నీళ్లలో నానీ నానీ వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి. గోళ్ల కింది నారింజ చార ఏ సబ్బుకూ వదల్లేదు. ఆ బురద వాసన భరించలేనని భార్య వెళ్లిపోయింది. మిగిలింది ఈ యంత్రం, ఈ పొలం. సోమవారం నుంచి పొలం కూడా ఉండదు. హాక్సబీ బంగాళాదుంపలకు నీళ్ల కోసం దీన్ని తవ్వి పెద్ద గుంట చేస్తున్నారు.

గేటు దగ్గర ఆపిన కారులో, తలుపు తీసుకుని, అతని మేనత్త ఎనిడ్ కూర్చుంది. ఈ పొలంలో ఒకప్పుడు ఉన్న ఇంట్లోనే పుట్టింది. ఇల్లు వాళ్లది కాదు, హాక్సబీలది. పని చేసినన్నాళ్లే కాపురం. గుర్రం తన్ని తాత నడుం పడిపోగానే, గైల్స్ తండ్రి వారం గడువిచ్చి అందరినీ గెంటేశాడు. మరునాడే ఇంటిని ట్రాక్టరుతో లాగించి, కూల్చి, దున్నించాడు. మెర్విన్ తండ్రి ఆ తర్వాత ఈ దారిన బస్సులో వెళ్తే అవతలి కిటికీవైపు తిరిగి కూర్చునేవాడు. ఇప్పుడు కొడుకు హాక్సబీ అసలు ఇల్లే లేదంటున్నాడు. ఇల్లు లేకపోతే గెంటిందీ లేదు.

"ఏంట్రా దొరికింది?" అంది ఎనిడ్.

"గుండీ. ఇత్తడిది."

"మా నాన్న కోటుకి తాడు కట్టుకునేవాడు. అది మనది కాదు."

"ఇన్నేళ్లూ వెతికానత్తా. రాగి నాణేలు దొరికాయి, వెండి ఆరు పెన్నీల బిళ్ల దొరికింది. మంచివి ఏరి సగం, పొలం వాటా కింద, ఆ హాక్సబీకే ఇచ్చాను. ఇల్లే దొరకలేదు. నీకే చోటు గుర్తులేదేమో."

"నా కొంప నాకు గుర్తులేదా? నువ్వేమో వెండి ఎక్కడ కూస్తుందా అని తిరుగుతున్నావు. మన కొంపలో వెండి ఎవడు పెట్టాడ్రా? మేకులు, మంచం కమ్ములు, పొయ్యి. అంతా ఇనుమే."

మెర్విన్ నిలబడిపోయాడు.

ఈ పనిలో ఎవడైనా ముందు చేసేది ఇనుము నోరు నొక్కడం. మేకుమేకుకీ వంగితే నడుం విరుగుతుంది కనుక, మీట తిప్పి ఆ చప్పుడు రాకుండా చేసుకుంటారు. అతనూ అదే చేశాడు. తన ఇంటిమీద ఎన్నిసార్లు తిరిగి, ఏమీ లేదనుకుని వెళ్లిపోయాడో. హాక్సబీ మీది కోపం ఒక్కసారిగా తనమీదికే తిరిగింది.

మీట వెనక్కి తిప్పాడు. కాసేపు ఏమీ లేదు. కంచె వైపు నడిచాక చెవుల్లో పేలాలు వేగినట్టు పటపటమంది. ఇంకో అడుగేస్తే ఆగిపోయింది. వెనక్కి వేస్తే మళ్లీ మొదలైంది. గోడ. ఆ అంచు పట్టుకుని చుట్టూ తిరిగాడు, నాలుగు మూలలా కర్రలు పాతి, తాడుతో కొలిచాడు.

ఎనిడ్ కర్ర ఊతంగా వచ్చింది. "గోడలోంచి తిరుగుతావేంట్రా, దెయ్యంలా. గుమ్మం ఇటు."

అప్పుడే హాక్సబీ జీపు వచ్చి ఆగింది.

"పన్నెండింటికి గేటు మూసేస్తాం మెర్విన్. తవ్వే యంత్రాలు ముందే వచ్చేశాయి. బీమా గొడవలు, తెలుసుగా."

"ఒకసారి ఇది వినండి."

హాక్సబీ యంత్రం హెడ్‌ఫోన్లు చెవికి ఆనీ ఆనకుండా పెట్టుకున్నాడు. "పాత ఇనుము. విరిగిన నాగలి ముక్కలు."

"నాగలి ఇలా నలుచదరంగా విరుగుతుందా?"

"నాలుగు పుల్లలు పాతితే ఇల్లయిపోతుందా?" అని నవ్వాడు.

"మీ నాన్నే నయం బాబూ," అంది ఎనిడ్. "వారం గడువిచ్చాడు."

హాక్సబీ నవ్వు ఆగింది. "పన్నెండు," అని జీపెక్కాడు.

ఆమె చూపిన గుమ్మం దగ్గర మెర్విన్ తవ్వాడు. వంకరపోయిన ఇనుప బద్ద ఒకటి, రెండు కాళ్లతో బయటపడింది. బూట్ల మట్టి గీక్కునేది.

"అమ్మ ఇది గీకందే లోపలికి రానిచ్చేది కాదు," అంది ఎనిడ్.

"వాడి భోజనాల బల్లమీద పడేసొస్తా."

"పాత ఇనుమంటాడు. దాని చోట్లో పెట్టు."

మడమతో తొక్కి నిలబెట్టాడు. ఆమె అతని భుజం పట్టుకుని రెండు బూట్లూ గీకి, లోపలికెళ్లి, ఒక మూల కాసేపు నిలబడింది. ఆ తర్వాత కారు దగ్గరికి నడిచింది. వెనక్కి చూడలేదు.

మెర్విన్ అలవాటు కొద్దీ గుంటలన్నీ పూడ్చాడు. సోమవారం తవ్వేవాళ్లకు చదునుచేసి ఇస్తున్నందుకు తన చేతుల్ని తానే తిట్టుకున్నాడు. గేటు మూసి కారెక్కాడు.

డ్యాక్‌ల చేతినుంచి పోయింది ముప్ఫై అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు. దాని అంచున, వానలో, ఆ ఇనుప బద్ద. దానికి ఇటో ముద్ద, అటో ముద్ద, ముసలమ్మ బూటు మట్టి.