పురుగు ముట్టని గోడ

ఆ ఇంటి గోడలను తడిబట్టతో తుడవకూడదు. ప్రతి గురువారం ఓర్నెల్లా స్టూలెక్కి, మెత్తటి పొడి బ్రష్షుతో, పైనుంచి కిందికి, ఒకే వైపుగా, గుర్రాన్ని దువ్వినట్టు దువ్వాలి. అడ్డంగా దువ్వితే నూగు లేస్తుంది. నూగు లేస్తే శనివారం ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళ అరచేతులకు అంటుకుంటుంది. అంటుకుంటే వాళ్ళు వెళ్ళిన తరువాత రెండు రోజులు ఆమె భర్త ఫౌస్తో ముఖం మాడ్చుకుని ఉంటాడు. గాజుపెంకులు కలిపి పోసిన వంటగది నేల మీద నిమ్మరసం పడకూడదు, మచ్చ దిగుతుంది. పాలడబ్బాలు కరిగించి చేసిన వంటగట్టు మీద వేడి గిన్నె దించకూడదు. గోడలు వాసన పీల్చుకుంటాయి కాబట్టి ఇంట్లో వేపుళ్ళు లేవు. ఉప్పుచేప వేయించుకుని తినాలనిపిస్తే, ఎప్పుడో ఒకసారి, పాత స్నేహితురాలు దీనా ఇంటికి వెళ్ళి తిని, నోరు కడుక్కుని వచ్చేది. పారేసిన వస్తువులకు ప్రాణం పోసిన ఇల్లు అని ఒక పత్రిక నాలుగు పేజీలు రాసింది. ఆ ప్రాణం పోకుండా రోజూ కాపలా కాస్తున్నది ఎవరో రాయలేదు. వచ్చినవాళ్ళతో ఫౌస్తో, "మా ఆవిడకి ఈ ఇల్లంటే ప్రాణమండీ" అంటాడు. ఆ మాట దగ్గర ఆమె నవ్వాలి. పదేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

ఇటలీలోని ప్రాతోలో చిరిగిన కోటును ఎవరూ చెత్త అనరు. ఎక్కడెక్కడి పాత ఉన్నిబట్టలో ఆ ఊరికి వచ్చి, గుండీలు ఊడి, అస్తరు ఊడి, రంగుల వారీగా చీలి, మళ్ళీ దారమవుతాయి. ఓర్నెల్లా పదహారో ఏట తండ్రి షెడ్డులో ఆ పాతబట్టలు ఏరడానికి గుట్టల మీద కూర్చుంది. ఇరవై ఏళ్ళు నిండేసరికి కళ్ళు మూసుకుని గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి, ఇది అచ్చమైన ఉన్ని, ఇది కల్తీ, ఇది చాలాసార్లు ఉతికింది అని చెప్పేసేది. ఇప్పుడు ఇంటి గోడలకు తాపిన ఉన్నిపలక కూడా ఆమె చేతిలో పుట్టిందే. ఫౌస్తో మగ్గాలు మూతపడే రోజుల్లో, మంచం పక్క గోడ నుంచి చలి దిగుతోందని, ఎవరూ కొనని ముక్కలను పొరలుగా పేర్చి, బంగాళదుంప గంజి పట్టించి, బట్టలుతికే గదిలో రాళ్ళ కింద అణగబెట్టింది. "గోడకి స్వెటర్ తొడుగుతున్నావా?" అని ఫౌస్తో ఎగతాళి చేశాడు. మరుసటి ఏడు మిలానో ప్రదర్శనలో ఆ పలక పక్కన నిలబడి "మేం కనిపెట్టాం" అన్నాడు. ఆ పై ఏడు "మా సంస్థ కనిపెట్టింది" అన్నాడు. ఆ తరువాత "నేను" అన్నాడు. మాట మారిన ప్రతిసారీ ఆమెకు వినిపించింది. అత్తగారు ఇల్వాతో ఒకసారి అంటే, "ఇంట్లో ఒకరు గెలిస్తే అందరూ గెలిచినట్టే కదే" అని ఆవిడ బ్రెడ్డు కోస్తూనే అంది.

ఏప్రిల్‌లో ఒకనాడు ఓర్నెల్లా శీతాకాలపు బట్టలు సర్దుతుంటే తల్లి శాలువా చేతుల్లోనే జల్లెడలా విడిపోయింది. ఉన్ని పురుగు. పడకగది అలమారు ఖాళీ చేసి చూసింది. రెండు స్వెటర్లు, ఫౌస్తో మఫ్లరు, ఒక టోపీ, అన్నీ పోయాయి. ఇంత తిన్న పురుగు ఇంకెక్కడెక్కడ తిన్నదోనని వెతుక్కుంటూ నడవాలోకి వెళ్ళింది. అక్కడున్నవి పాత పలకలు, ఆమె స్వయంగా ఏరి అణచినవి. పడకగది గుమ్మం దాపున, కింది అంచులో, పురుగు మేసిన గీతలు కనిపించాయి. పడకగదిలో ఉన్నవి మొన్న శరదృతువులో బిగించిన కొత్తవి. టార్చిలైటు వేసి మూలమూలా చూసింది. ఆ అలమారు ఆనుకుని ఉన్న గోడే అది. ఒక్క చోట కూడా పంటిగాటు లేదు. శాలువా తిన్న పురుగు, మఫ్లరు తిన్న పురుగు, జానెడు దూరంలో నిలువెత్తు ఉన్నిగోడ ఉంటే ఎందుకు వదిలేసింది? మొదట సంతోషించింది. తరువాత గోడ మీద చెయ్యి వేసింది. వారం వారం బ్రష్షుతో దువ్వడమే తప్ప ఆ గోడను ఆమె ఎప్పుడూ వేళ్ళతో నలిపి చూడలేదు. ఇప్పుడు నలిపింది. చర్మానికి ఏదో జారిపోయినట్టుగా ఉంది. ఉన్ని అలా జారదు. ఉన్ని పట్టుకుంటుంది.

భోజనాల దగ్గర అడిగితే ఫౌస్తో తలెత్తకుండానే, వాటికి లావెండర్ నూనె పట్టించామనీ, అందుకే పురుగు రాలేదనీ చెప్పాడు. వేళ్ళకు తేడాగా తగిలిందని ఆమె అంటే, యాభై దాటాక వేళ్ళు మొద్దుబారతాయనీ, డాక్టరుకు చూపించుకోమనీ అన్నాడు. చెడ్డగా అనలేదు. చాలా ప్రేమగా అన్నాడు. ఆమెకు అనుమానం గట్టిపడింది ఆ ప్రేమ దగ్గరే. ఎందుకంటే ఈ మధ్య ఫౌస్తోకు ప్రేమ ఎక్కువైంది. పలకలు చేసే షెడ్డుకు రావద్దు, దుమ్ము నీకు పడదు, విశ్రాంతి తీసుకో అన్నాడు జనవరిలో. ఫిబ్రవరిలో పూలు తెచ్చాడు. ఆమె షెడ్డు వైపు వెళ్తానంటే తానే కారు తీసి మరెక్కడికో తీసుకెళ్ళేవాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో లేని మర్యాద ఒక్కసారిగా ఎక్కడి నుంచి ఊడిపడింది? ఆ వారమంతా ఆమె అతని మాటలను పాతబట్టల్లా ఒక్కొక్కటి విప్పి చూసుకుంది. ఏ మాటకు అస్తరుంది, ఏది కల్తీ.

కోడలు ముభావంగా ఉండటం ఇల్వా కనిపెట్టింది. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, మగవాళ్ళన్నాక ఏదో ఒక వయసులో చిన్న పిచ్చి పడుతుందనీ, మీ మామ కూడా పిస్తోయా ఊళ్ళో ఒకావిడ దగ్గరికి తిరిగేవాడనీ, అడగకుండా ఊరుకుంటే తనంతట తానే తగ్గిపోయిందనీ చెప్పింది. ఓర్నెల్లాకు నవ్వొచ్చింది. నిజానికి మొదటి రెండు రోజులు ఆమె కూడా అదే అనుకుంది, అతని చొక్కా జేబులు కూడా చూసింది. ఇంకో ఆడమనిషి ఉందన్న అనుమానం ఇంట్లో అందరికీ అలవాటైనదే. దానికి జవాబులు, ఓదార్పులు, సర్దుబాట్లు అన్నీ తరాలుగా సిద్ధంగా ఉన్నాయి. తన చేతిపనిని ఎవరో దొంగిలించి దాని స్థానంలో ఇంకోటి పెట్టారేమోనన్న అనుమానానికి మాత్రం ఆ ఇంట్లో పేరు కూడా లేదు. "అలాంటిదేం కాదులెండి అత్తయ్యా" అంది. "మరి ఇంకేమిటే?" అని ఇల్వా నిజంగానే ఆశ్చర్యపోయింది.

మర్నాడు పొద్దున్న, ఫౌస్తో వెళ్ళగానే, అలమారు జరిపి గోడ కింది అంచు నుంచి ఒక చిటికెడు పీకింది. నడవాలోని పాత పలక నుంచి ఇంకో చిటికెడు. వంటగదిలో సాసర్లు రెండు పెట్టుకుని అగ్గిపుల్ల గీసింది. తండ్రి నేర్పిన పరీక్ష అది, షెడ్డులో పనికి చేరిన మొదటి రోజే. పాతది నెమ్మదిగా, ఇష్టం లేనట్టు అంటుకుని, జుట్టు కాలిన కంపు కొట్టి, దానంతటదే ఆరిపోయింది. వేలితో తాకితే బూడిదై పొడిపొడిగా రాలింది. కొత్తది వెంటనే ముడుచుకుని, నల్లటి పొగ చిమ్మి, బొట్లుగా కారి సాసర్లో గట్టి పూసలా మిగిలింది. గోటితో నొక్కినా నలగలేదు. పాలియెస్టర్. వేళ్ళు మొద్దుబారలేదు. ఆ పూసను మళ్ళీ సాసర్లో పెట్టింది. సంతోషమో దుఃఖమో తేల్చుకోలేకపోయింది. తన వేళ్ళను తానే పది రోజులు అనుమానించింది. ఆ సంగతే ఎక్కువ బాధించింది.

సరాసరి దీనా ఇంటికి నడిచింది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే గుట్ట మీద కూర్చుని ఏరినవాళ్ళు. దీనా ఇంట్లోనే ఉంది, ఎవరివో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఈ వేళప్పుడు షెడ్డులో ఉండాలి కదా అని అడిగితే దీనా ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమె వంక వింతగా చూసింది. ఏరే ఆడవాళ్ళు ఏడుగురినీ నవంబరులోనే మానిపించారట. ఇప్పుడు ఓడరేవు నుంచి బేళ్లు వస్తాయి, అంతా కొత్త సరుకు. షెడ్డులో కోసి, అంచులు కట్టి, పెట్టెల్లో పెట్టడమేనట.

"మచ్చలు కూడా వాళ్ళే వేసి పంపిస్తారే. పాతబట్టలా కనబడాలని, బూడిదరంగు చుక్కా, నీలం చుక్కా. చివరి రోజు చూశాను. బాగానే వేస్తారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసనుకున్నా." దీనా మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. "పెట్టె పెట్టెలో కాగితం పెడుతున్నారుగా. ఇందులోని ఉన్ని అంతా నేనే చేత్తో ఏరాను అని. కింద నీ సంతకం. మేం ఏడుగురం అది చూశాకే నీ గుమ్మం తొక్కడం మానేశాం."

అప్పుడు ఆమెకు అక్టోబరు గుర్తుకొచ్చింది. బీన్సు సూపు వడ్డిస్తుంటే ఫౌస్తో కాగితాలు తోశాడు, ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ అంటూ. అద్దాలు తెచ్చుకుంటానంటే ఇల్వా, సూపు చల్లారిపోతోంది, పెళ్ళి పుస్తకంలో కూడా సంతకం ఇంతకన్నా తొందరగా పెట్టావు కదే అని వేళాకోళమాడింది. అందరూ నవ్వారు. తానూ నవ్వింది. నవ్వుతూనే మూడు చోట్ల పెట్టింది. పలక మీద పన్నెండేళ్ళుగా ఎక్కడా కనబడని తన పేరు మొదటిసారి అచ్చులోకి ఎక్కింది, ఒక అబద్ధం కింద. మెప్పు వచ్చేచోట అతని పేరూ, నింద వచ్చేచోట తన పేరూ.

ఆ సాయంత్రం ఆమె సాసర్లు రెండూ బల్ల మీద పెట్టి ఫౌస్తో ముందుకు జరిపింది. అతను బుకాయించలేదు. కోటు విప్పి, కుర్చీకి తగిలించి, ఏరే చేతులు దొరకవనీ, దొరికినా ఆర్డర్లకు చాలవనీ, అందరూ చేస్తున్నదేననీ చెప్పుకొచ్చాడు. వినోలి వీధిలో కట్టిన పసిపిల్లల బడి పడకగదులకు నాలుగు వందల పలకలు ఇవ్వాలనీ, శనివారం బడి పెద్ద టీచరు ఇల్లు చూడటానికి వస్తుందనీ, ఆమె ఓర్నెల్లా కథ వినాలని ఆశపడుతోందనీ అన్నాడు.

"పసిపిల్లలు పడుకునే గదికా?" అంది ఓర్నెల్లా. "నిప్పంటుకుంటే ఇది కారుతుంది, ఫౌస్తో. మన దగ్గరున్న నిప్పు పరీక్ష కాగితాలు పాత పలకవి."

"ఎవరు గుర్తుపడతారు?" అన్నాడతను అలసటగా, చాలా మామూలుగా. "నువ్వు తప్ప."

ఆ మాట అతనికి మెచ్చుకోలులా వినిపించి ఉంటుంది. ఆమెకు ముప్ఫై ఏళ్ళలో అతని నోటి నుంచి వచ్చిన మొదటి నిజంలా వినిపించింది. మొద్దుబారాయన్న వేళ్ళు గుర్తుపడతాయని అతనికి ముందు నుంచీ తెలుసు. తెలుసు కాబట్టే పూలు తెచ్చాడు, తెలుసు కాబట్టే కారులో తిప్పాడు. షెడ్డులోకి ఎవరు రాకూడదో అతనికి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ అతను తనను తక్కువగా చూశాడనుకుంది. అతను తనకు భయపడ్డాడు. ఆ రెండింటికీ ఉన్న తేడాను ఆమె శుక్రవారమంతా, కూరగాయలు తరుగుతూ, నేల ఊడుస్తూ, ఆలోచించింది. గురువారం గోడలు దువ్వలేదని ఎవరూ గమనించలేదు.

శనివారం పది గంటలకు బడి పెద్ద టీచరు రొసాల్బా వచ్చింది. పొట్టి మనిషి, వేళ్ళకు సుద్దముక్క మరకలు. ఫౌస్తో ఎప్పటిలాగే ముందు నడిచి, గాజు నేలా, పాలడబ్బాల గట్టూ చూపించి, "మా ఆవిడకి ఈ ఇల్లంటే ప్రాణమండీ" అన్నాడు. ఓర్నెల్లా నవ్వలేదు. ఇల్వా గుమ్మంలో నిలబడి కోడలి ముఖం చూస్తోంది. పడకగదిలోకి వచ్చాక రొసాల్బా అరచేయి గోడకు ఆనించి, మా పిల్లలు మధ్యాహ్నం నిద్రలో గోడ వైపు దొర్లుతుంటారు, మెత్తగా ఉంటే బాగుంటుంది అంది. తరువాత ఓర్నెల్లా వైపు తిరిగింది.

"ఇదంతా మీ చేతులతో ఏరిందేనటగా. కాగితంలో చదివాను. అసలు ఎలా తెలుస్తుందండీ మీకు?"

ఫౌస్తో నోరు తెరిచాడు. ఓర్నెల్లా ముందే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నడవాలో ఉన్నవి నేను ఏరానండీ. ఈ గదిలోవి ఎవరూ ఏరలేదు. ఇది ఉన్ని కాదు. ఆ కాగితం మీద సంతకం మాత్రం నాదే."

రొసాల్బా చెయ్యి గోడ మీద నుంచి తీసింది. గుమ్మంలో ఇల్వా కోడలి పేరు గొణిగింది, పసిదాన్ని వారించినట్టు. ఫౌస్తో నవ్వబోయాడు, మా ఆవిడకి ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదని మొదలుపెట్టాడు. రొసాల్బా అతని వంక చూడలేదు. సంచిలోంచి అద్దాలు తీసి పెట్టుకుని, నోటుపుస్తకం తీసి, మీకు అభ్యంతరం లేకపోతే కూర్చుని మొదటి నుంచీ చెప్తారా అని ఓర్నెల్లాను అడిగింది. ఓర్నెల్లా ఆమెకు ఒక కుర్చీ జరిపి, తానొకటి లాక్కుంది.

"ముందు కాఫీ పెట్టు ఓర్నెల్లా, తరువాత మాట్లాడుకోవచ్చు" అన్నాడు ఫౌస్తో.

"నువ్వు పెట్టు" అంది ఆమె, నోటుపుస్తకం వైపే చూస్తూ. "నాకిక్కడ పని ఉంది."