కారు ఖాళీ చేసిన గది

చొక్కా జేబు మూల తిప్పుతుండగా దారం తెగింది. పొద్దుటినుంచి ఇది ఎన్నోసారో. ఆవిడ మిషను చక్రాన్ని అరచేత్తో ఆపి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, దారం కొసను నాలుకతో తడిపి సూదిలోకి దూర్చింది. పట్టపగలే నెత్తిమీద బల్బు వెలుగుతోంది. అది ఆర్పితే ఆ సందులో తెల్లదారమేదో లేతపసుపు దారమేదో తెలియదు. ఎడమపక్క వంటింటి గోడ, కుడిపక్క కారు షెడ్డు గోడ, మధ్యలో మిషను, మిషను వెనక ఆవిడ. వంటింట్లోకి ఎవరైనా వెళ్ళాలంటే ఆవిడ స్టూలు ముందుకు జరుపుకుని పొట్ట బిగబట్టుకోవాలి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు బయట ఎండలో నిలబడి చేతులు చాచాలి. వానొస్తే కుట్టిన బట్టల మీద పట్టా కప్పేసి, తాను తడవాలి.

వీధిలో అందరూ ఆవిడను మిషనమ్మ అంటారు. ఆవిడ భర్తను కారాయన అంటారు. నిజానికి ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, అదీ సైకిలు మీద తిరిగి. అయినా ఆయన్ని చూస్తే జనానికి గుర్తొచ్చేది షెడ్డులో ఉన్న కారే. అది మామగారు కొన్నది. లేత ఆకుపచ్చ రంగు, కంపెనీలో వేసిన రంగే. తలుపుల లోపలివైపు కంపెనీవాళ్ళు అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇప్పటికీ ఒలవలేదు. వచ్చింది వచ్చినట్టే ఉండాలని మామగారు పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని చెప్పాడట. కోడలు ఎలా ఉండాలో మాత్రం ఆయన చెప్పలేదు.

ఆదివారం ఆదివారం కారాయన షెడ్డు తలుపులు బార్లా తెరిచి, కాళ్ళు కడుక్కుని కారెక్కి, ఇంజను వేడెక్కేదాకా కూర్చుని, గేటు దాకా తోలి, మళ్ళీ వెనక్కి తోలి, గుడ్డతో తుడిచి, ముసుగు వేసి తాళం పెట్టేవాడు. ఆ కాసేపూ గేటు బయట చిన్నపాటి తిరనాళ్ళే. ఎంత బాగా ఉంచారండీ అని మెచ్చుకునేవాళ్ళు. ఆవిడ వినీ విననట్టు కాజాలు కుట్టుకుంటూ ఉండేది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. ఆసుపత్రికైనా, ఎవరి ఇంట శుభకార్యానికైనా ఆ ఇంటివాళ్ళు బస్సుకోసం రోడ్డు మీద నిలబడాల్సిందే.

ఇవన్నీ ఆవిడ మరిచిపోగలదు. మరిచిపోలేనిది ఒక్కటుంది. కూతురు పుట్టేముందు, నొప్పులు మొదలై గోడ పట్టుకుని నిలబడితే, ఈయన కారు తాళంచెవి చేత్తో పట్టుకుని షెడ్డు ముందు అటూ ఇటూ తిరిగాడు. చివరికి, సీటు పాడవుతుందేమో అని గొణిగి, వీధి చివరికి పరిగెత్తి పాలవ్యాను పిలుచుకొచ్చాడు. ఖాళీ పాలడబ్బాల మధ్య కూర్చుని ఆవిడ ఆసుపత్రికి వెళ్ళింది. ప్రతి గుంతకీ డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఆ షెడ్డు గడప తొక్కనని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఆ కూతురు ఇప్పుడు వేరే ఊళ్ళో నర్సు.

షెడ్డు మీద మాత్రం ఆశ చావలేదు. వీధివైపు పెద్ద కిటికీ, రెండు రెక్కల తలుపు, గచ్చునేల. కత్తిరింపు బల్ల ఎక్కడ, అద్దం ఎక్కడ, కిటికీ కింద మిషను ఎలా తిప్పిపెట్టాలి, అన్నీ ఆవిడ మనసులో ఎప్పుడో సర్దేసుకుంది. కారు అమ్మేసి ఆ గది తనకిమ్మని అడగని ఏడాది లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది. మొన్న వానాకాలంలో ఆయన ఎడమ మోకాలు పట్టేసి క్లచ్చి తొక్కడం కష్టమైంది. వారం తప్పితే ఇంజను పాడవుతుందని దిగులు పట్టుకుని, అప్పుడు తనంతట తానే అమ్మేద్దామన్నాడు. పెళ్ళాం సందులో నలిగిపోతోందని కాదు, కారు నలిగిపోతుందని.

అమ్మకం మొదలయ్యాక ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మబోతే అడవి అంటారు, ఇక్కడ అమ్మే మనిషే అడవయ్యాడు. మొదట వచ్చినవాడు అడక్కుండా హారన్ కొట్టాడని కారాయన వద్దన్నాడు. తరవాతివాడు కొత్త రంగు వేయిస్తానన్నాడని గేటు దాకా తరిమాడు. ఇంకొకడు బెల్టు బకిలు తగిలేట్టు కారుకి ఆనుకున్నాడు, వాడితో మాట్లాడనే లేదు. ఈ పొద్దున కూతురు ఫోను చేసి, ఈసారైనా నాన్న నోరు కట్టెయ్యమని తల్లికి చెప్పింది. కట్టడానికి దారం చాలదని ఆవిడ అంది.

ఇవాళ్టి మనిషి పాతకార్లు సేకరించేవాడు. పదిగంటలవేళ వచ్చాడు. గడప దగ్గర ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. గోడకు ఇవతల ఆవిడ మిషను ఆపి చెవులు రిక్కించింది. ఆ మనిషి టార్చి వేసుకుని కారుకింద నేలమీద పడుకున్నాడని, లేచి ఎక్కడా చెయ్యి వెయ్యకుండా చుట్టూ తిరిగాడని తరవాత తెలిసింది. ఒక్క స్క్రూ మార్చలేదు, రంగు ముట్టుకోలేదు, ఇలాంటిది తాను చూడనే లేదని అంటున్నాడు. కారాయన గొంతులో తేనె ఊరింది. ఆవిడ మిషను మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. జేబు మూల ఈసారి చక్కగా తిరిగింది.

తరవాత షరతులు మొదలయ్యాయి. పెళ్ళిళ్ళకి అద్దెకివ్వకూడదు. పిల్లల్ని ఎక్కించకూడదు. అన్నిటికీ ఆ మనిషి సరేనన్నాడు. వానలో తియ్యకూడదు అంటే, అసలు తియ్యనే తియ్యమండీ, నూనె, పెట్రోలు తీసేసి అద్దాల హాల్లో పెడతాం, జనం చూస్తారు అన్నాడు.  ఆదివారాలు కూడా స్టార్టు చెయ్యరా అని కారాయన అడిగాడు. చెయ్యం అన్నాడు ఆ మనిషి. అయితే వద్దులెండి అన్నాడు కారాయన.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. సగం కుట్టిన చొక్కాను సూది కిందే వదిలేసి లేచింది. చేతిలో కత్తెర ఉన్న సంగతి కూడా చూసుకోలేదు. ఒట్టు మాట గుర్తుండే, షెడ్డు గడప దాటింది. లోపల పాత తోలు, నూనె కలిసిన వాసన వేసింది. దగ్గర్నుంచి చూస్తే కారు ఆవిడ అనుకున్నంత పెద్దదేం కాదు. ఇంత చిన్న వస్తువుకోసమా అనిపించి కోపం ఇంకా పెరిగింది.

"ఇన్నేళ్ళూ మీరు దాన్ని ఎక్కడికి తోలారు? గేటు దాకా. ఆయన హాల్లో పెడితే మీకొచ్చిన నష్టమేంటి?" అంది. "ఇవాళ అది వెళ్ళకపోతే నా మిషను వెళ్తుంది. మిషనుతోపాటు నేనూ వెళ్తాను. మీరూ అదీ కలిసుండండి."

కొనడానికొచ్చిన మనిషి మర్యాదస్తుడు, ముందు దీపం అద్దాన్ని శ్రద్ధగా చూడసాగాడు. కారాయన కత్తెరవంక చూశాడు, ఆవిడవంక చూశాడు. దీన్ని తీసుకెళ్ళే లారీ మన వీధిలోకి రాదు, మెయిన్ రోడ్డు దాకా నేనే తెస్తాను, ఇంకెవరూ తోలడానికి వీల్లేదు అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే. మాటలు, సంతకాలు అయ్యేలోగా ఆవిడ వెళ్ళి ఆ చొక్కా పూర్తిచేసి, మిగతావాటితో కలిపి మూటకట్టింది. స్కూలు చొక్కాలవి. మెయిన్ రోడ్డులో బట్టలకొట్టుకి మధ్యాహ్నంలోగా ఇవ్వాలి.

మూట నెత్తిన పెట్టుకుని బయటికొచ్చేసరికి కారు గేటు దగ్గర పొగ వదులుతూ ఉంది. కొన్నాయన ముందుసీట్లోంచి దిగి, రండమ్మా అని వెనకతలుపు తీశాడు. సీటు నున్నగా, ఎవరూ కూర్చోనట్టే ఉంది. నిజంగానే ఎవరూ కూర్చోలేదు. ఆవిడ మూట దించి ఒక అడుగు ముందుకేసింది కూడా.

"ఆ మూటలో గుండుసూదులుంటాయేమో," అన్నాడు కారాయన, తల తిప్పకుండా.

కొన్నాయన మొహం చిన్నబోయింది. ఆవిడ మూట మళ్ళీ నెత్తికెత్తుకుని, నడిచొస్తాలెండి అంది. అమ్మేసిన కారుకి కూడా ఇంత కాపలా కాసేవాడితో ఏం మాట్లాడుతుంది. కుక్కతోక వంకర ఇవాళ పోతుందా. పళ్ళు కొరుక్కుంటూ బయల్దేరింది.

కారు ఆవిడకంటే నెమ్మదిగా వచ్చింది. స్టీరింగు పైన ఆయన నుదురు, తెల్లజుట్టు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒకచోట ఇంజను ఆగిపోయింది. మళ్ళీ ఒక కుదుపు కుదిపి కదిలింది. ఎదురుగా కూరగాయల బండి అడ్డంగా ఉంది. ఆవిడే కేకేసి పక్కకు పెట్టించింది. మలుపులో ఎవరిదో మోటారుసైకిలు ఉంటే మూటతోనే ఒకచేత్తో నెట్టింది. ఊరేగింపు ముందు జనాన్ని తప్పించే మనిషిలా, కారెక్కని మనిషే కారుకి దారిచేస్తూ రోడ్డు దాకా నడిచింది. బట్టలకొట్టులో మూట దించితే, ఆలస్యమైందని కొట్టతను సణిగాడు. ఇవాళ నాతో మాట్లాడకు బాబూ అని ఆవిడ వచ్చేసింది.

లారీ వెనక రెండు ఇనుపపలకలు వాల్చి ఉన్నాయి. కారాయన దిగి పక్కన నిలబడ్డాడు. చొక్కా వీపుకి తడిసి అంటుకుపోయింది.  లారీ డ్రైవరు కార్లోకి ఎక్కాడు, కప్పుకి తల తగిలి మళ్ళీ దిగాడు. సీటుమీదినుంచి ఏదో తీసి, పెద్దాయనా మీ దిండు అని అందించాడు. కొన్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"మొత్తం కార్లో కంపెనీది కానిది ఇదొక్కటే."

"అది మా ఆవిడది," అన్నాడు కారాయన.

నీలంచారల గుడ్డ, అంచు చుట్టూ వంకరటింకర కుట్టు. ఆవిడ వెంటనే గుర్తుపట్టింది. కాపురానికొచ్చిన కొత్తలో, పొట్టివాడైన మొగుడికి ఎత్తు సరిపోదని, మిషను నేర్చుకుంటూ నేర్చుకుంటూ కుట్టింది. ఇస్తే తీసుకున్నాడు, బాగుందనలేదు, మళ్ళీ కంటికి కనిపించలేదు. ఎక్కడో పారేసి ఉంటాడనుకుంది. కారు పలకలమీదుగా పైకెక్కింది. చక్రాలకు గొలుసులు వేశారు. లారీ రోడ్డుమీది మిగతా బళ్ళలో కలిసిపోయేదాకా ఆయన చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి నడిచేటప్పుడు ఆయన కుంటుతున్నాడు. దిండు చంకలో ఉంది. 

"పారేశారనుకున్నాను," అంది ఆవిడ.

"ఎందుకు పారేస్తాను? అది లేకపోతే రోడ్డు కనిపించదు."

"ఏ రోడ్డు? మీరెప్పుడు రోడ్డెక్కారు గనక?"

ఆయన ఆగి, మోకాలు పట్టుకున్నాడు.

"ఎక్కలేదు. నాన్న గేటు దాటనివ్వలేదు. ఆయన పోయాక నాకు ధైర్యం చాల్లేదు. ఇవాళే మొదటిసారి." కుంటుకుంటూ మళ్ళీ నడక మొదలుపెట్టి అన్నాడు. "ఆ రోజు నిన్నెక్కించుకుని ఎక్కడ గుద్దేస్తానో అని భయమేసింది. సీటు మాట ఊరికే నోటికొచ్చింది. ఇవాళ గుండుసూదుల మాటా అంతే."

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తోలడం రాదు అన్న ఒక్క ముక్క అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. ఊళ్ళో ఎవరిచేతనో నేర్పించేది, లేదా ఆ కారు అప్పుడే అమ్మించేది. ఆ ముక్క చెప్పలేక ఈ మనిషి పరువు కాపాడుకుంటూ కూర్చున్నాడు, తను ఆ పరువుకీ వంటింటికీ మధ్య సందులో కూర్చుని కళ్ళు పోగొట్టుకుంది. పాలడబ్బాల చప్పుడుతోపాటు ఇన్నేళ్ళూ మోసిన కోపాన్ని ఇప్పుడు ఎక్కడ దించుకోవాలో తోచలేదు. తను కుట్టిన దిండుకి ప్రతి ఆదివారం కార్లో చోటు దొరికింది, తనకు దొరకలేదు. ఆ మాట పైకే అంది. ఆయన అవునని తలూపాడు.

ఇంటికి రాగానే ఆవిడ నేరుగా సందులోకి వెళ్ళి మిషను మీది బట్టలు తీసేసింది.

"పట్టండి ఆ కొస," అంది.

ఆయన దిండును షెడ్డు కిటికీలో పెట్టి వచ్చి, మోకాలు నొప్పి అనకుండా రెండో కొస పట్టుకున్నాడు. మిషను గచ్చుమీద గీసుకుంటూ షెడ్డులోకి వచ్చింది. కిటికీ కింద తిప్పి పెట్టారు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. వీధివైపునుంచి వెలుతురు ఏటవాలుగా సూదిమీద పడింది. బల్బు లేకుండానే దారం ఒక్కసారికే ఎక్కింది. ఆయన గుమ్మం పక్కన నేలమీద కూలబడి మోకాలు రుద్దుకుంటున్నాడు. ఆవిడ ఒకసారి అటు చూసి, తొక్కడం మొదలుపెట్టింది.

కిటికీలో దిండు మధ్య, ఆయన కూర్చున్న మేర, గుంట అలాగే ఉంది.