వరుస తప్పిన అంగీ

సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో, జానీ పాషా టైలర్ దుకాణం పైన, పదడుగుల పొడవూ ఎనిమిదడుగుల వెడల్పూ గల గది ఒకటి ఉంది. లోకం దాన్ని గది అంటుంది. నేను ఆంగ్ల విద్యాపీఠం అంటాను. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు బోధించి, శాలువా కప్పించుకొని, పూలదండతో ఇల్లు చేరిన రాజమల్లయ్య అనే నేను ఆ పీఠానికి అధిపతిని. ఆచార్యుణ్ణీ నేనే, చీపురు పట్టేదీ నేనే.

నా కీర్తికి మూలస్తంభం ఒక నిర్వచనం. ఇంగ్లీషు వాక్యంలో వరుసగా చెప్పే అంశాలన్నీ ఒకే రూపంలో ఉండాలని ఒక నియమం. ప్యారలల్ స్ట్రక్చర్ అంటారు. చెప్పవలసింది ఇంతే. కానీ ఇంతే చెప్పి ఊరుకుంటే ఆచార్యుడి అవసరమేముంది? అందుచేత సర్వీసులో చేరిన మూడో ఏట, ఒక వేసవి సెలవులన్నీ ధారపోసి, దానికి పదకొండు పంక్తుల నిర్వచనం రచించాను. అందులో నాలుగు ఉపవాక్యాలు, రెండు మినహాయింపులు, నట్టనడుమ గంభీరమైన ఒక ‘అనగా’ ఉన్నాయి. అది చదవగానే తరగతి గదులు నిశ్శబ్దమయ్యేవి. ఆ నిశ్శబ్దాన్ని నేను భక్తి అనుకున్నాను.

నాకు తెలిసి ఆ పదకొండు పంక్తులనూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగల ఏకైక వ్యక్తి పాషా కూతురు అర్షీన్. డిగ్రీ అయింది, బి.ఎడ్. అయింది. ఇంగ్లీషు టీచరు కావాలన్నది ఆమె ఏకైక కోరిక. పట్టణంలో రెండు ప్రైవేటు బడులు ఆమెను పిలిచి, పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపమన్నాయి. రెండుచోట్లా నా నిర్వచనాన్నే ప్రయోగించమని ఆదేశించాను. రెండుచోట్లా పిల్లలు భక్తితో నిశ్శబ్దమయ్యారు. రెండుచోట్లా ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. ఆ బడులకు ప్రమాణాలు లేవని తీర్పు చెప్పి, నేను నిశ్చింతగా చాయ్ తాగాను.

మూడో పిలుపు దుబ్బాక రోడ్డు మీది బడి నుంచి వచ్చింది.

“గిదే ఆఖరు, సార్,” అన్నాడు పాషా, మెడలోని టేపు సవరించుకుంటూ. “నేను టేపు పట్టాల్నా, పెన్ను పట్టాల్నా? కండ్లు గూడ సరిగ కనిపిస్తలేవు. గీసారి కొలువు రాకుంటె, ఇగ పుస్తకం కాడ్నే కూసుంటనని బేటీనే మాటిచ్చింది.”

“ఇచ్చిన అబ్బా. దినాం ఎన్నిసార్లు యాది చేస్తవ్?” అంది అర్షీన్ తండ్రితో, పుస్తకం మీంచి తలెత్తకుండా.

ఆ పుస్తకమంటే కొలతల పుస్తకం. ఏడో తరగతి నుంచీ అది రాస్తున్నది ఆమే. పాషాది ఒక పద్ధతి. మనిషిని నిలబెట్టి, టేపు ఆనించి, ఉర్దూలో అంకె మాత్రమే పలుకుతాడు. అది దేని కొలతో చెప్పడు. పొడవు, ఛాతి, పొట్ట, భుజం, కాలర్, చెయ్యి. అంగీకి ఇది వరుస; ముప్పై ఏళ్లుగా ఇదే వరుస. పుస్తకంలోనూ ఆరే గళ్లు. తండ్రి కూతురి వైపు చూడడు, కూతురు తండ్రి వైపు చూడదు. అంకె వెళ్లి తన గడిలో తానే కూర్చుంటుంది. రోజూ ఆ దుకాణంలోంచే మెట్లెక్కి పీఠానికి వెళ్లే నేను ఈ దృశ్యాన్ని కొన్ని వందలసార్లు చూశాను. చూడడం వేరు, కనబడడం వేరు, నాకు కనబడలేదు.

శిష్యురాలి విజయయాత్రకు గురువు పాత అంగీతో వెళ్లడం శాస్త్రసమ్మతం కాదు. కనుక రెండు మీటర్ల తెల్లగుడ్డ కొని, పాషా ముందు చేతులు చాచి నిలబడ్డాను.

“ఉంతీస్,” అన్నాడు పాషా. ఇరవై తొమ్మిది, పొడవు.

“అర్షీన్, నిర్వచనం కానీ. ఊరికే కూర్చుంటే ఎట్లా?” అన్నాను నేను.

“రాస్తున్న గద సార్!”

“చేయి రాస్తుంది. నోరు ఖాళీగానే ఉంది కదా.”

ఆమె నిట్టూర్చి మొదలుపెట్టింది. పాషా “చాలీస్” అన్నాడు, “బయాలీస్” అన్నాడు. నా ఛాతి నలభై, పొట్ట నలభై రెండు అని తేలింది. టేపు భుజం మీదికి వస్తుండగా నాకొక మహత్తర చింత కలిగింది.

“ఆగు పాషా. ముందు మెడ చూడు. కాలర్ బిగిస్తే నాకు గొంతు లేవదు.”

“దాని వంతు వస్తది సార్.”

“ముందు చూడమంటున్నాను కదా!”

పాషా ఒక్క క్షణం ఆగాడు. చదువుకున్నవాణ్ణి గౌరవించడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటే కొంప ముంచింది. నా మెడ చుట్టూ టేపు తిప్పి “సోలా” అన్నాడు, అంటే పదహారు. తర్వాత భుజానికి వచ్చి “అఠారా” అన్నాడు, పద్దెనిమిది. చేతికి “చౌబీస్” అన్నాడు, ఇరవై నాలుగు. అర్షీన్ సరిగ్గా అప్పుడే నా ‘అనగా’ దాటుతోంది. మూడూ రాసింది.

డెమో రోజు ఉదయం తొమ్మిదింటికి అంగీ తొడిగాను. భుజాల దగ్గర అది ఎనిమిదో తరగతి పిల్లవాడిది, మెడ దగ్గర మా తాతది. చేతులు కిందికి దించుదామంటే దిగలేదు. చాయ్ తెచ్చిన పాషా భార్య బషీరున్నీసా గడపలోనే ఆగిపోయింది.

“యా అల్లా! గా కాలర్ల సార్ మెడతోని పాటు నా మెడ గూడ పడ్తది!”

“నువ్వుండవే,” అని పాషా పుస్తకం తెచ్చి, కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. “భుజం పదారు, కాలర్ పద్దెనిమిది. రాసున్నదే కోసిన సార్.”

“మనిషిని చూడవా? నా భుజం పదహారా?”

“మనిషిని జూసి కోస్తె టేపు ఎందుకు సార్? నేను అంకె చెప్త, పేరు చెప్ప. ఏ అంకె ఏడ కూసోవాల్నో వరుసకు ఎరుక. మీరు నడుమ మెడ తెచ్చి పెట్టిన్రు.”

“అర్షీన్ చూసుకోవద్దా?”

“నేను నిర్వచనం చెప్తున్న గద సార్,” అంది ఆమె, కోపం లేకుండానే. “మూడు అంకెల తర్వాత వచ్చేది భుజమే. సోలా అని ఇనపడ్డది, చెయ్యి దానంతటదే భుజం గడిల రాసింది. ఏడ ఉన్నదో గదే దాని పేరు...”

వాక్యం సగంలో ఆగిపోయింది. కాసేపు నా అంగీ వైపే చూసింది. ఆమె చూపులో జాలి ఉందేమోనని ఆశపడ్డాను. లేదు.

“విప్పుండ్రి సార్.”

“ఇప్పుడు విప్పి కుట్టడానికి వేళేది?”

“కుట్టనీకి గాదు. నాకు గావాలె. అబ్బా, నీ టేపు గూడ ఇయ్యి.”

“మరి నిర్వచనం?” అన్నాను.

“అది మీ కాడ్నే ఉండనియ్యుండ్రి, సార్,” అంది ఎంతో వినయంగా.

పాత అంగీతోనే బయలుదేరాను. ఇద్దరం ఆటో ఎక్కాం. ఆమె ఒడిలో నా కొత్త అంగీ మడతపెట్టి ఉంది. మూడు దశాబ్దాల నా రచన ఆటోలో చోటు చాలక వెనకబడిపోయినట్టు నాకు అనిపించింది.

ఆ బడి ప్రిన్సిపాల్ నవత ఒకప్పుడు నా విద్యార్థినే. నన్ను చూసి లేచి నిలబడి, తొమ్మిదో తరగతి చివరి వరుసలో కుర్చీ వేయించింది. తానూ పక్కన కూర్చుంది.

అర్షీన్ బోర్డు పక్కన, పటాలు వేలాడదీసే మేకుకు నా అంగీ తగిలించింది. పిల్లలు నవ్వారు. ఆమె ఆపలేదు. సింధుజ అనే అమ్మాయిని పిలిచి టేపు పట్టింది. శైలేందర్ అనే అబ్బాయిని బోర్డు మీద ఆరు గళ్లు గీయమంది. వరుస చెప్పి, ఆ తర్వాత అంకెలు మాత్రమే పలికింది. అతను రాశాడు. అంతా సరిపోయింది. మళ్లీ కొలుస్తూ, ఈసారి భుజానికి ముందు మెడ కొలిచింది. అతను గడి తర్వాత గడి నింపుకుంటూ పోయాడు.

“ఇప్పుడు సింధుజ భుజమెంత?”

“పన్నెండు మేడం!” అని, తానే తెల్లబోయాడు. “అరే, గది మెడ గద!”

“ఇట్ల రాసి కుడితె గిట్ల అయితది,” అని ఆమె మేకు మీది అంగీని చూపించింది.

తర్వాత బోర్డు తుడిచి ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది: మై మదర్ లైక్స్ కుకింగ్, సింగింగ్ అండ్ టు స్టిచ్. రాసి, పక్కకు జరిగి, ఊరుకుంది.

గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నాకు చిరపరిచితం. అది భక్తి కాదని, ఏనాడూ కాలేదని, నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

“మేడం,” అంది సింధుజ, “ఆఖరుది వేరే తీరు కొలత. ఇంగ్ గడిల ‘టు’ వచ్చి కూసున్నది. స్టిచింగ్ అనాలె.”

ఆ మీదట ఆపడం ఎవరి తరమూ కాలేదు. ప్రతివాడూ లేచి ఒక వాక్యం చెప్పడం, పక్కవాడు దాన్ని కొలవడం. “అగో, కాలర్ జాగల భుజం పెట్టిండు!” అని ఒకడు అరిస్తే, తప్పు చెప్పినవాడే ముందుగా నవ్వాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా నవత లేచింది.

“పాఠం మంచిగున్నది. కని ఒక్క మాట. గిట్ల కొలతలిచ్చేటోడు నిజంగ ఎవడన్న ఉంటడా? మా బడిల పిల్లలకు కట్టుకథలు చెప్పొద్దని నియమం. గా అంగీ ఎవరిది?”

అర్షీన్ నోరు విప్పలేదు. ఒక్క పేరు చెబితే చాలు. చెప్పలేదు; నావైపు చూడనైనా లేదు. చూస్తే నేను బయటపడతానని. నా పరువు కాపాడుతూ ఆ పిల్ల తన కొలువును చేజేతులా జారవిడుస్తోంది. బహుశా ఆ ఒక్క క్షణంలోనే నేను నిజంగా రిటైరయ్యాను.

లేచాను. “నాది. వరుస తప్పించిందీ నేనే. పాషా వద్దంటున్నా వినలేదు.”

“తొడిగి చూపియ్యుండ్రి సార్!” అంది సింధుజ.

తొడిగాను. పాత అంగీ మీద కొత్తది ఎక్కించి, చేతులు దిగక, దిష్టిబొమ్మలాగా నలభై మంది ముందు నిలబడ్డాను. గది పగిలేటట్టు నవ్వారు. నవత కొంగు అడ్డం పెట్టుకుంది. ముప్పై నాలుగేళ్లలో నా తరగతిలో ఎవరూ నవ్వలేదు. పాఠం అర్థమైనవాళ్లు అట్లా నవ్వుతారని నాకు తెలియదు.

నవ్వు అణిగాక నవత అంది: “సార్, ఇంటర్‌ల మీ డెఫినిషన్ మొత్తం బట్టీ పట్టిన. ఇప్పటికీ నిద్రల లేపినా చెప్త. అర్థం మాత్రం ఇయ్యాల్ల అయింది.” ఆపైన అర్షీన్ వైపు తిరిగింది. “సోమవారం వచ్చెయ్, అమ్మా. గా అంగీ మాత్రం ఈడ్నే ఉండాలె.”

దుకాణంలో కబురు చెప్పగానే బషీరున్నీసా కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. పాషా తన టేపు తిరిగి తీసుకొని మెడలో వేసుకున్నాడు. తర్వాత మూలనున్న పుస్తకం వైపు చూశాడు.

“మంచిది బేటా. శానా మంచిది... మరి గిది ఎవ్వరు రాస్తరు?”

అర్షీన్ ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది. నేను గొంతు సవరించుకున్నాను.

“పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా విద్యాపీఠానికి విద్యార్థులు రారు. సాయంత్రం కూడా పెద్దగా రారు. నేను రాస్తాను.”

“మీరా సార్?” పాషా నన్ను పైనుంచి కింది దాకా, టేపు లేకుండానే కొలిచాడు. “ఏమనుకోకుండ్రి గని... మీరు మాట్లాడకుండ ఉంటరా?”

“ప్రయత్నిస్తాను.”

సోమవారం నాడు అర్షీన్ దుబ్బాక బస్సెక్కింది. నేను ఆమె పీట మీద కూర్చున్నాను. సర్వీసంతా ఎదురుచూసినా నాకు రాని ప్రమోషన్ ఇదే కాబోలు. ఆ పీట మీది నుంచి చూస్తే దుకాణం వేరుగా ఉంది. ఈ ఇంటికి నేను ఎంత రుణపడ్డానో చెప్పడానికి పదకొండు పంక్తులు చాలవు. అందుకే ఆ ప్రయత్నం మానుకున్నాను. నెలలు గడిచాయి. ఆమె ఆదివారాలు దుకాణానికి వచ్చి నా రాత తనిఖీ చేస్తుంది. గళ్లన్నీ సరిగ్గానే ఉంటున్నాయి.

నిన్న తొగుట నుంచి పర్శరాములు అనే గీత కార్మికుడు వచ్చాడు. పాషా “తీస్” అన్నాడు, రాశాను. “అడతీస్”, రాశాను. “ఛత్తీస్”, రాశాను.

“పాషా భాయ్, ముందుగాల చేతులు చూడు,” అన్నాడు పర్శరాములు. “చెట్టెక్కెటోన్ని, చేతులు పొట్టిగున్నా నడవది, పొడుగున్నా నడవది.”

పాషా టేపు గాలిలో ఆగిపోయింది. నావైపు చూశాడు.

“దాని వంతు వస్తది, తమ్మీ,” అన్నాను.

“అఠారా,” అన్నాడు పాషా, భుజానికి టేపు ఆనించి.

భుజం గడిలో రాశాను.