కాదని చెప్పే అలివేలు

అలివేలు గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, హెడ్‌సెట్ చెవులకు తగిలించుకుంది. ఆ ఉదయం అప్పటికే ఇద్దరికి కబురు చెప్పడం అయిపోయింది. మూడో నంబరు అభిజిత్‌ది. అవతల ఫోను మోగుతుండగా కళ్ళద్దాలు పైకి తోసుకుని, చీర కొంగు సర్దుకుని, ఏసీ చలికి కుర్చీకి వేలాడే ఊదారంగు స్వెటరు భుజాన వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఫోన్లో అవతలి మనిషికి కనబడదు కదా, ఎలా కూర్చుంటేనేం అని ఆఫీసులో పిల్లలు నవ్వుతుంటారు. కూర్చున్న తీరు గొంతులో తెలిసిపోతుందని ఆమె నమ్మకం.

"అలివేలును మాట్లాడుతుండానప్పా. టిఫిను తిన్నావా?"

అవతల టీవీ గొంతు తగ్గింది.

"తిన్నాను మేడమ్," అన్నాడు అభిజిత్ నీరసంగా. "అంటే, రాలేదా?"

బెంగుళూరు మారతహళ్ళిలోని ఆ చిన్న కన్సల్టెన్సీ ద్వారా ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్ళినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఉద్యోగం కుదిరితే యజమాని హేమంత్‌కుమార్ స్వయంగా ఫోను చేసి, హలో అనకముందే కంగ్రాట్స్ అంటాడు. కుదరకపోతే అలివేలు చేస్తుంది. ముందు తిండి సంగతి అడుగుతుంది. తినలేదంటే, తిన్నాక చేస్తానని పెట్టేస్తుంది. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ళకు చెడ్డ కబురు చెప్పకూడదని ఆమె పెట్టుకున్న నియమం. తీరా ఏమైందంటే, అలివేలు మేడమ్ తిన్నావా అని అడిగిందంటేనే కబురు అందిపోయినట్టు లెక్క. చావు కబురు చల్లగా చెప్పావంటే మామూలుగా దెప్పిపొడుపు. అలివేలుకు మాత్రం అదే ఉద్యోగం.

"ఈసారి కుదరలేదప్పా. వాళ్ళకు కావాల్సింది వేరే ఏందో ఉండాది. నువ్వు తక్కువని కాదు."

"లాస్ట్ రౌండ్ దాకా వెళ్ళాను మేడమ్. బాగా చేశాననే అనుకున్నా."

"గాజు పట్టకపోతే చేతిని అంటారా ఎవరైనా? గాజునే కదా అనేది."

ఆ మాట అలివేలు నాన్నది. ఆయన హిందూపురం నుంచి వచ్చి, బళేపేటలో ఒక గాజుల అంగట్లో ఆడవాళ్ళ చేతులకు గాజులు తొడుగుతూ జీవితం గడిపాడు. ఎంత బిగుసుకున్నా ఎవరినీ నీ చెయ్యి లావమ్మా అనలేదు. ఈ గాజే పనికిమాలింది తల్లీ, ఇంకోటి చూద్దాం అనేవాడు. పక్కన కూర్చుని డబ్బాలందిస్తూ పెరిగిన అలివేలుకు బళ్ళో చదువు అంతంత మాత్రమే గానీ, ఆ చదువు మాత్రం వంటబట్టింది. పెళ్ళయ్యాక కుందలహళ్ళిలో కాపురం పెట్టి, ఈ ఆఫీసులో వచ్చేపోయేవాళ్ళను పలకరించే పనిలో చేరింది. చెడ్డ కబురు చెప్పడానికి అందరూ జంకుతుంటే, ఇటివ్వండి నేను చెబుతానని ఒకరోజు ఫోను అందుకుంది. ఇప్పుడు ఆమెకు పాపిట్లో తెల్లవెంట్రుకలు వచ్చేశాయి. భర్త సుంకన్న నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. ఈ పొద్దు ఎంతమందిని ఏడిపించొచ్చినావు అని రోజూ సాయంత్రం ఆటపట్టిస్తాడు.

"ఒక మాటప్పా," అంది అలివేలు గొంతు మార్చి. "సాయంత్రాలు ఒక గంట తీరిక ఉంటాదా నీకు?"

ఇది ఆమె రెండో పని. దీనికి జీతం లేదు. కొన్నేళ్ళ కిందట ఇలాగే ఆమెతో కాదనిపించుకున్న కదిరి అమ్మాయి ఫర్హానా, తర్వాత మంచి ఉద్యోగమే తెచ్చుకుని, తెలుగులో ప్రోగ్రామింగ్ నేర్పే వెబ్‌సైటు ఒకటి మొదలుపెట్టింది. దాని పేరు 'మెట్లు'. పైసా కట్టక్కర్లేదు. ఓపెన్ సోర్సు కాబట్టి పాఠాలూ, వాటి వెనకున్న కోడూ అన్నీ అందరి ముందూ పరిచే ఉంటాయి. ఎవరైనా వాడుకోవచ్చు, తప్పు కనబడితే దిద్దవచ్చు, కొత్తది చేర్చవచ్చు. పిల్లలు రాసిన ప్రోగ్రాములు చదివి, ఎక్కడ తప్పారో ఓపిగ్గా చెప్పడానికి మాత్రం మనుషులు కావాలి. ఉద్యోగాలున్నవాళ్ళకు తీరిక లేదు, ఎక్కడినుంచి తేవాలక్కా అని ఫర్హానా తల పట్టుకుంటే అలివేలుకు నవ్వొచ్చింది. ప్రోగ్రామింగ్ వచ్చి, చేతినిండా తీరిక ఉన్న మనుషులతో రోజంతా మాట్లాడేది ఆమే కదా. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. ఆనాటినుంచి అడుగుతూనే ఉంది.

అలా చేరినవాళ్ళే సైటులో సగం మంది. చిక్కల్లా ఒకటే. పిల్లలకు చెప్పీ చెప్పీ వాళ్ళకే పాఠం బాగా పట్టుబడి, తర్వాతి ఇంటర్వ్యూలో గట్టెక్కేస్తారు. మొన్న చందు అనే కుర్రాడు అలాగే ఉద్యోగం వచ్చి పుణె వెళ్ళిపోయాడు. అతను చూసుకోవలసిన పలమనేరు డిప్లొమా పిల్లల బ్యాచ్ సోమవారం మొదలవుతుంది. ఈ రోజు శుక్రవారం.

"నాకే జాబ్ రాలేదు. నేను ఇంకొకరికి చెప్పేదేంటి మేడమ్," అన్నాడు అభిజిత్. "సారీ, ఇప్పుడు మూడ్ లేదు."

"సరేలేప్పా. కాసేపు పడుకో. మళ్ళా మాట్లాడదాం."

మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని చిత్రాన్నం తింటుంటే ఫర్హానా ఫోను చేసింది. కింద రింగు రోడ్డు మీద బస్సుల హారన్ల మధ్య ఆమె మాటలు సగమే వినబడుతున్నాయి.

"అక్కా, ఎవరైనా దొరికినారా? ఆరింటికల్లా పేరు పెట్టాల. చెప్పేవాళ్ళు లేకుండా బ్యాచ్ ఓపెన్ చేస్తే పిల్లోళ్ళు వారంలోనే మానేస్తారు, పోయినసారి చూసినాం కదా. ఆ ప్రిన్సిపాల్ సాయంత్రాలు ల్యాబు తెరిచేకి ఒప్పుకున్నదే గొప్ప. ఇప్పుడు పోస్ట్‌పోన్ అంటే మళ్ళీ ఒప్పుకోడు."

"ఇంకా మధ్యాహ్నమే కదా తల్లీ. దొరుకుతారు, తిను నువ్వు."

దొరకలేదు. ఒకడు వచ్చే వారం తన పెళ్ళన్నాడు, పత్రిక కూడా పంపాడు. ఒకమ్మాయి సర్టిఫికెట్ ఇస్తారా, అందులో తన ఫొటో వేస్తారా అని అడిగి, లేదంటే పెట్టేసింది. ఇంకొకడు ఉద్యోగం రానందుకు ఆమెనే తిట్టి, మళ్ళీ ఫోను చేసి క్షమించమన్నాడు గానీ, గంట తీరిక సంగతి ఎత్తేసరికి లైను కట్ చేశాడు. అయిదు దాటేసరికి అలివేలు గొంతు బొంగురుపోయింది. ఇన్నేళ్ళలో ఏనాడూ ఒక్క బ్యాచీ ఆమె వల్ల ఆగలేదు. పలమనేరు పిల్లలు ఎలా ఉంటారో ఆమె చూడలేదు, అయినా వాళ్ళకు ఈ రాత్రి కాదని చెప్పాల్సి వస్తుందేమోనని నిజంగా బెంగ పట్టుకుంది.

అప్పుడే అద్దాల గదిలోంచి హేమంత్‌కుమార్ వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడ్డాడు. ముప్పై దాటిన మనిషి, పొడుగరి. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోడు రాసేవాడు. తండ్రి చెన్నరాయప్పకు జబ్బు చేయడంతో అది మానేసి, ఆయన పెట్టిన ఈ ఆఫీసు చూసుకుంటున్నాడు. సాయంత్రాలు అలివేలు 'మెట్లు' తెరిచి పిల్లలు రాసినవి చూసుకుంటుంటే, కుర్చీ వెనక నిలబడి, ఇక్కడ బ్రాకెట్ మూయలేదు మేడమ్ అని ఆగలేక అనేస్తాడు. ఆనక సిగ్గుపడి గదిలోకి వెళ్ళిపోతాడు. ఇవాళ ఆయన కంప్యూటరు వైపు చూడనేలేదు.

"మేడమ్," అన్నాడు గోడ వైపు చూస్తూ. "భోజనం చేశారా?"

అది తను రోజూ అడిగే మాటే. అలివేలుకు కబురు అందిపోయింది. ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది.

"చేసినానప్పా. చెప్పు."

"కంపెనీలన్నీ ఇప్పుడు ఆటోమేటిక్ మెయిల్ పెట్టేస్తున్నాయి. సెలెక్ట్ కాలేదని అదే వెళ్ళిపోతుంది. మన కాల్స్ వద్దంటున్నారు. నేను చాలా ట్రై చేశాను మేడమ్. వచ్చే నెల జీతం కూడా ఇస్తాను. కానీ, సోమవారం నుంచి..."

అక్కడ ఆగిపోయాడు. కంగ్రాట్స్ తప్ప ఇంకో కబురు చెప్పి ఎరగడు పాపం.

"సగంలో మింగొద్దప్పా. పూర్తిగా చెప్పల్ల. లేకుంటే అవతలోళ్ళు మిగతా సగం కోసం రాత్రంతా వెతుక్కుంటారు."

"సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు మేడమ్," అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, కళ్ళు తుడుచుకున్నాడు.

"బాగా చెప్పినావు. కూర్చో."

ఆమె లేచి తన గ్లాసులోనే నీళ్ళు పోసి ఇచ్చింది. ఆమెకూ బాధగానే ఉంది. ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గర విన్న గొంతులన్నీ ఇక వినబడవు. హేమంత్‌కుమార్ బుద్ధిగా నీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు దించుతూ అలవాటు కొద్దీ ఆయన చూపు ఆమె కంప్యూటరు మీదికి వెళ్ళింది. అక్కడ ఎవరో పిల్లాడు రాసిన ప్రోగ్రాము ఉంది. ఆయన పెదవులు కదలబోయి ఆగిపోవడం అలివేలు చూసింది.

"నేనొకటి అడగనా అప్పా?"

"అడగండి మేడమ్. ఏదైనా సరే, చేస్తాను."

"సాయంత్రం గంట తీరిక ఉంటాదా నీకు?"

ఆయనకు అర్థం కాలేదు.

"పలమనేరు పిల్లోళ్ళు ఉండారు, సోమవారం నుంచి. నీకు మనసుండాదని నాకెప్పుడో తెలుసు. జీతమిచ్చే మనిషిని అడిగితే బాగుండదని సుమ్నే, నోరెత్తకుండా ఊరుకున్నా. ఇప్పుడా అడ్డం లేదు కదా."

హేమంత్‌కుమార్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "నేను కోడ్ రాసి చాలా ఇయర్స్ అయింది మేడమ్. మర్చిపోయుంటాను."

"పిల్లోళ్ళతో పాటు నువ్వూ మళ్ళా నేర్చుకో. కొట్టేవాళ్ళెవరూ లేరు."

ఆయన పకపకా నవ్వాడు. ఉద్యోగం తీసేసిన మనిషి ముందు అలా నవ్వినందుకు మళ్ళీ ఆయనే కంగారుపడ్డాడు. అలివేలు కూడా నవ్వుతోందని చూశాక తల ఊపాడు.

"సరే మేడమ్. పేరు ఇచ్చేయండి."

అలివేలు అప్పటికే ఫర్హానాకు ఫోను కలిపేసింది. "రాసుకో తల్లీ. హేమంత్‌కుమార్."

"ఎవరక్కా? మీ ఓనరా?" అని ఫర్హానా వేసిన కేక హేమంత్‌కుమార్‌కు కూడా వినబడింది. "ఎట్లా ఒప్పుకున్నాడు?"

"ఏముండాది, అడిగినా," అంది అలివేలు. అన్నాక సంతోషంతో ఆమె ముఖమంతా విచ్చుకుంది. ఉద్యోగం పోయిన రోజున ఇంత సంబరమేమిటని ఆమెకే వింతగా తోచింది.

తర్వాత కీబోర్డు మీద గుడ్డతో ఒకసారి తుడిచి, టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంది. అందరితో వస్తానని మాత్రమే అంది. మెట్ల మీద ఒకసారి ఆగి వెనక్కి చూసింది గానీ, కింద స్కూటరు మీద సుంకన్న కనబడగానే గబగబా దిగింది. ఇవాళ ఇంటిదాకా చెప్పడానికి బోలెడు కబుర్లున్నాయి.

పైన హేమంత్‌కుమార్ ఆమె కుర్చీలోనే కూర్చుని, 'మెట్లు'లో మొదటి పాఠం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఏసీ చలికి వెనక్కి జరిగితే వీపుకు మెత్తగా ఏదో తగిలింది. తిరిగి చూసి, దాన్ని తీయకుండా కాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు. మోచేతుల దగ్గర వెలిసిపోయిన అలివేలు ఊదారంగు స్వెటరు కుర్చీ వీపుకు అలాగే వేలాడుతోంది.