మలాకీ అంకుల్ ఇంటి శ్రుతి

మలాకీ అంకుల్ పాట కోసం నేను మిలోలీ పల్లెకి రావడం అది నాలుగోసారి. అంతకుముందు మూడుసార్లూ ఉత్త చేతులతో తిప్పి పంపించాడు. మొదటిసారి గాలి బాగాలేదన్నాడు. రెండోసారి ఓపేలు చేపలు ఒడ్డుకొచ్చే రోజులన్నాడు. మూడోసారి గిటారు పట్టుకుని కూర్చున్నవాడు, నేను టేప్ రికార్డర్ మీట నొక్కగానే లేచి వెళ్లి పడుకున్నాడు. హోనొలులూ నుంచి విమానం, ఆపైన లావా రాళ్ల మీద జీపులో గంటన్నర. నడుం విరిగేది నాకు, నిద్రపట్టేది ఆయనకి.

మా దీవుల్లో పాత గిటారు వాయిద్యగాళ్లందరిదీ ఇదే వరస. తీగలు సడలించి ఎవరి శ్రుతి వాళ్లు కట్టుకుంటారు. అది ఇంటి గుట్టు. బయటివాడు గుమ్మం ఎక్కితే చాలు, బిరడాలు తిప్పేసి తీగలన్నీ వదులు చేసేస్తారు. అంకుల్ శ్రుతి వాళ్లమ్మ కట్టింది. ఆ శ్రుతిలో ఆవిడ కట్టిన పాట ఒకటుంది. అది ఆయనకి తప్ప ఎవరికీ రాదు. ఆయనకేమో చెవులు పోతున్నాయి. పాట కూడా ఆయనతోనే పోతుందని నాకు భయం. ఆ భయం ఆయనకి లేదని ఒళ్లుమంట.

ఈసారి ఆయనే ఉత్తరం రాశాడు. తీగ మీటితే శ్రుతి తెలియడం లేదట. నాలుగు రోజులు తంటాలు పడి ఒక్కసారి కట్టి, గిటారు గోడకి తగిలించాడట. అది చెడితే మళ్లీ కట్టలేడట. వెంటనే రమ్మన్నాడు.

వసారాలో కూర్చుని ఉన్నాడు. "వచ్చావా పూలచొక్కా!" అని అరిచాడు. వైకీకీ హోటల్లో పూలచొక్కా తొడుక్కుని టూరిస్టులకి వాయిస్తానని నాకా బిరుదు. "మిలియామా! గిటారు తే!"

ఆయన భార్య మిలియామా ఆంటీ తెచ్చింది. ఆరు తీగలూ వేలాడుతున్నాయి.

"ఎవరే ఈ పని చేసింది?"

"నేనే. జీపు చప్పుడైంది. ఎవరో వస్తున్నారని వదులు చేశా."

"ఈ కైపో కోసమేగా కట్టి పెట్టింది!" అన్నాడు నన్ను చూపించి.

"ఆ ముక్క నాకు చెప్పావా? జీపు వినపడితే తిప్పెయ్యమని యాభై ఏళ్లు ప్రాణం తీశావు. ఇప్పుడు తిప్పినందుకు నా మీద పడతావేం?"

నేను మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాను. ఈ ముసలాళ్ల గుట్టు మీద మన్నుబడ! అంకుల్ గిటారు లాక్కుని బిరడాలు తిప్పాడు, మీటాడు, చెవి చెక్కకి ఆనించాడు. మళ్లీ తిప్పాడు. చివరికి ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాడు. "పోయింది. అమ్మ పాట పోయింది," అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇలా తే," అంది ఆంటీ. పొలుసు అంటిన చేతులు లంగాకి తుడుచుకుని, బోర్లించిన చేపల పెట్టె మీద కూర్చుంది. ఒక్కో తీగా తొందర లేకుండా బిగించింది. ఆరోది అయ్యాక అన్నీ కలిపి ఒక్కసారి మీటింది. నా ఒళ్లు జలదరించింది.

"నీకెలా తెలుసే?" అన్నాడు అంకుల్, ఆమె వేళ్లు చూసి.

ఆంటీ ఆయన చెవి దగ్గరికి వంగి అరిచింది. "వచ్చినవాళ్లకి వీపు తిప్పి కట్టేవాడివిగా! మరి మొహం ఎటుండేది? నా వంటింటి వైపు. నేనేం గుడ్డిదాన్నా?"

నేను రికార్డర్ మీట నొక్కేశాను. "ఆంటీ, పాట కూడా వచ్చా?"

ఆమె వాయించడం మొదలెట్టింది. బొటనవేలు కింది స్వరాల మీద నడుస్తుంటే, రెండు వేళ్లు పైన పాడాయి. హోటల్లో మేము చేసే ఆర్భాటం ఒక్కటీ లేదు. అంకుల్ గిటారు చెక్క మీద అరచెయ్యి ఆనించి, ఆమె వేళ్లనే చూస్తున్నాడు. నడుమ ఒకచోట ఉలిక్కిపడ్డాడు.

అయ్యాక మెల్లగా అన్నాడు. "ఆ ముక్క... అమ్మ పోయాక నేను మర్చిపోయాను. దాటేసి వాయిస్తున్నాను, ఇన్నేళ్లూ."

"తెలుసు. అత్తమ్మ వాయిస్తుంటే పక్కన కూర్చుని చేపలు తోమింది నేనేగా."

"తెలిసీ నోరెత్తలేదా?"

"ఇంటి గుట్టు అనేవాడివి. నేను ఇంటిదాన్నేనని ఎప్పుడైనా అన్నావా?"

మలాకీ అంకుల్ పెట్టె పక్కన నేల మీద చతికిలబడి, ఆమె మోకాలు తట్టాడు.

"ఆ ముక్క నాకు నేర్పు," అన్నాడు.