తొమ్మిదో వార్డు లెక్క

లిస్టమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి, కంప్యూటరు గది తాళం తీసి, ముందు ఫ్యాను వేసి, ఆ తర్వాతే మెషిను మీద కప్పిన గుడ్డ తీసింది. గుడ్డని నాలుగు మడతలు పెట్టడం, కళ్ళద్దాలు తుడుచుకోవడం, ఫ్లాస్కు మూతలోకి టీ ఒంపుకోవడం, ఇవన్నీ ఆమె చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. టీ సగం తాగేసరికి మెషిను మేలుకుంటుంది. ఎనిమిదింటికి ఆమె ఒక మీట నొక్కుతుంది, పక్కనున్న ప్రింటరు కీచుకీచుమంటూ మొదలుపెడుతుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే వరస.

తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఆ పెద్దాసుపత్రిలో మూడువందల అరవై మందికి పైగా రోగులున్నారు. వాళ్ళలో ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఎవరికి చక్కెర మానెయ్యాలి, ఎవరికి జావ మాత్రమే పొయ్యాలి అన్న లిస్టు ప్రతిరోజూ ఈ గదిలోంచే వంటశాలకి వెళ్తుంది. అందుకే ఆమె లిస్టమ్మ. ఆ లిస్టు వేసే ప్రోగ్రాము కూడా ఆమె రాసిందే. టైపిస్టుగా చేరిన మనిషి, మూడు నెలల కోర్సు ఒకటి చేసి, పట్టిన పట్టు వదలకుండా రాసింది. "నాకు ఇద్దరు పిల్లలు, మా ఆవిడకి ముగ్గురు" అని ఆమె భర్త ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా వేళాకోళం ఆడతాడు. ఆమె ఏనాడూ కాదనలేదు.

ఎనిమిదింటికి మీట నొక్కింది. ప్రింటరు పలకలేదు.

మళ్ళీ నొక్కింది. తెర మీద ఎడమ మూల చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది, అంతే. ఆమె ప్రింటరు వైరు పీకి పెట్టింది. కాగితాల బొత్తి సరిచేసింది. మెషిను ఆపి మళ్ళీ వేసింది, చల్లారిన టీ ఒక గుక్క తాగి మూడోసారి నొక్కింది. ప్రోగ్రాము కొంత దూరం పరిగెత్తినట్టే ఉండి, ఎక్కడో గుమ్మం ముందు కాళ్ళు పడిపోయినట్టు ఆగిపోయింది.

ఎనిమిదిన్నరకి వంటమేస్త్రి ఫోను చేశాడు. "ఏంటి లిస్టమ్మగారూ, ఇవాళ మా వాళ్ళందరికీ ఉపవాసమేనా?" అని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆయన గొంతు మారింది. "పదకొండుకల్లా లిస్టు రాకపోతే కష్టమండీ. ఎవరికి ఉప్పు వెయ్యాలో, ఎవరికి వెయ్యకూడదో నాకేం తెలుసు? పోయినవాళ్ళ పాపం నాకు చుట్టుకుంటుంది."

"నిన్నటి లిస్టు చూసి వండెయ్యకూడదా?"

"నిన్నటి మంచాల్లో నిన్నటివాళ్ళే ఉంటారా అండీ?"

ఆయనన్నదీ నిజమే. ఆస్పత్రిలో రాత్రికి రాత్రి మంచాలు మారతాయి. నిన్న చక్కెర జబ్బువాడు పడుకున్న చోట ఇవాళ కిడ్నీలు పాడైనవాడు పడుకుని ఉంటాడు.

తొమ్మిదింటికి సూపరింటెండెంటు స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మంచివాడే గానీ కొత్త వస్తువంటే మోజు. కిందటి నెలలో ఒక కంపెనీవాళ్ళు వచ్చి రంగురంగుల ప్రోగ్రాము ఒకటి ఆడించి చూపించినప్పటినుంచీ, ఆమె పాత ప్రోగ్రాము ఆయన కంటికి ఆనడం లేదు. "ఇది ఒక్కసారి మొరాయించిందంటే చాలు, తీసేసి కొత్తది పెట్టేస్తాం. మీరు హాయిగా స్టోర్సులో కూర్చుందురుగాని" అని అప్పుడే అన్నాడు. రిటైరవడానికి ఆమెకి ఇంకా రెండేళ్ళుంది. స్టోర్సులో దుప్పట్లు లెక్కబెడుతూ ఆ రెండేళ్ళు గడపడం తలుచుకుంటే ఆమెకి అన్నం సహించదు.

"నిన్నటిదాకా పనిచేసిందిగా?" అన్నాడాయన.

"చేసిందండీ."

"మరి ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ ముట్టుకోలేదండీ. తాళం నా దగ్గరే ఉంది. ఏమీ మారలేదు."

"ఏమీ మారకుండా ఎలా చెడుతుందమ్మా? మధ్యాహ్నం భోజనాలు తప్పాయంటే నేను పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి." గట్టిగా కూడా అనలేదు. అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆయన వెళ్ళాక ఆమె ప్రోగ్రాము అచ్చువేసిన కాగితాలు బీరువాలోంచి తీసి, మొదటి వరసనుంచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. తన రాతే. ముప్పై రెండేళ్ళ వయసులో ఎంత ధీమాగా రాసిందో! ప్రతి వరసా అచ్చం అలాగే ఉంది, ఒక చుక్క కూడా కదల్లేదు. అదే భయంగా ఉంది ఆమెకి. దొంగ పడ్డ ఇంట్లో వస్తువులన్నీ చెదిరి ఉంటే ఒక రకం, ఎక్కడివక్కడే ఉండి ఏదో పోయిందని మాత్రం తెలుస్తుంటే ఇంకో రకం. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. గదిలో తను తప్ప ఎవరూ లేరు. ఫ్యాను గాలికి గుడ్డ మడత విడిపోయింది, అంతే.

పదింపావుకి ఆమెకి బుర్ర వెలిగింది. ఎందుకు ఆగుతోందో తర్వాత, ఎక్కడ ఆగుతోందో చూద్దామనుకుంది. వార్డు వార్డుకీ లెక్క కట్టబోయే ముందు ఆ వార్డు నంబరూ, అందులో ఎంతమంది ఉన్నారన్నదీ తెర మీద చూపించమని ఒక వాక్యం చేర్చింది. మార్చిన ప్రోగ్రాముని ఆ ముసలి మెషిను మళ్ళీ సిద్ధం చెయ్యాలంటే అరగంట పైనే పడుతుంది. ఆ అరగంటా ఆమె కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది. వంటమేస్త్రి రెండుసార్లు వచ్చి, ఆమె మొహం చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

తెర మీద అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి. ఒకటో వార్డులో నలభై ఒకరు. రెండో వార్డులో ముప్పై ఎనిమిది. ఎనిమిదో వార్డులో యాభై ఇద్దరు. తొమ్మిదో వార్డులో సున్నా. ఆ సున్నా దగ్గర మెషిను ఆగిపోయింది.

లిస్టమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంతసేపూ తను ప్రోగ్రాముని తడుముతోంది గానీ మనుషుల వైపు చూడలేదు. ప్రతి వార్డుకీ పంపే భోజనాన్ని ఆ వార్డులో ఉన్న మనుషులతో భాగించి, తలకి ఎన్ని గరిటెలో చెబుతుంది ప్రోగ్రాము. సున్నాతో దేన్నీ భాగించలేం. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. ఆమెకీ తెలుసు. కానీ ఆ రోజుల్లో తొమ్మిదో వార్డంటే వెన్నుపూస దెబ్బతిని మంచం పట్టినవాళ్ళ వార్డు, నలభై మంచాలూ నిండి, వసారాలో కూడా పడుకునేవాళ్ళు. అది ఖాళీ అయ్యే రోజొకటి వస్తుందని ఆమెకి తట్టలేదు.

కొత్త భవనం కట్టాక కొత్తవాళ్ళని అక్కడే చేర్చుకున్నారు. పాతవాళ్ళు పాత వార్డులోనే మిగిలి, ఒక్కొక్కళ్ళే తగ్గుతూ వచ్చారు. నాలుగేళ్ళుగా లిస్టులో ఆ వార్డుకి ఒక్కటే వరస, ఒకటో నంబరు మంచం. ఆ వరస ఎవరిదో ఆమెకి బాగా తెలుసు. టైలరన్నయ్యది.

అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు. నిచ్చెన మీంచి పడి నడుము విరగ్గొట్టుకుని వచ్చిన దర్జీ. ప్రోగ్రాము కొత్తగా రాసినప్పుడు, లిస్టులో ఉన్నదీ పళ్ళెంలో వచ్చినదీ ఒకటేనా అని సరిచూసిపెట్టే మనిషి ఒకడు ఆమెకి కావలసి వచ్చాడు. డాక్టర్లకి తీరిక లేదు, నర్సులకి ఓపిక లేదు. "నాకు రెండూ ఉన్నాయి చెల్లెమ్మా, లేనివి కాళ్ళే" అన్నాడతను. ప్రోగ్రాములో ఆమె చేసిన తప్పులు ఏడో ఎనిమిదో అతనే పట్టుకున్నాడు. మొదట్లో రోజూ వెళ్ళి, మెషిను లెక్క ఎలా కడుతుందో కూడా చెప్పేది. తర్వాత వారానికోసారి, తర్వాత పండక్కోసారి, తర్వాత మోకాళ్ళ నొప్పులు. చివరిసారి వెళ్ళినప్పుడు ఆ వార్డులో ఇంకా అయిదుగురున్నారు. రోజూ లిస్టులో అతని వరస కనిపించేది. ఉన్నాడులే, బాగానే ఉన్నాడులే అనుకునేది. రెండంతస్తులు ఎక్కడానికి బద్ధకించి అంకెని చూసి మనిషిని చూసినట్టే సరిపెట్టుకుంది.

రోగుల రిజిస్టరు తెర మీద తెరిచింది. తెల్లవారుజామున నాలుగూ యాభైకి రాత్రి గుమాస్తా అడ్మిషన్ల గదిలోని మెషిను మీంచి అతని వరస కొట్టేశాడు. పక్కన కారణం ఒక్క ముక్కలో ఉంది.

గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. ప్రోగ్రాముని సరిచెయ్యాలంటే ఇంకో అరగంట. వంటశాలలో కూరలు తరిగి కూర్చున్నారు. ఆమె ఎక్కువ ఆలోచించలేదు, ఆలోచిస్తే చెయ్యలేకపోయేది. తొమ్మిదో వార్డు, ఒకటో మంచం, రోగి ఉన్నాడు అని కొట్టింది. ఉప్పు మామూలు, చక్కెర మామూలు. మీట నొక్కింది.

ప్రింటరు కీచుకీచుమంటూ మొదలుపెట్టింది. పోయినవాణ్ణి లేపి నిలబెడితే తప్ప మూడువందల అరవై మందికి అన్నం పుట్టలేదు. వంటమేస్త్రి పరుగున వచ్చి లిస్టు చించుకుని, "బతికించారు తల్లీ!" అన్నాడు.

కూర్చుని ప్రోగ్రాము సరిచేద్దామనుకుంది గానీ చేతులు కదల్లేదు. పన్నెండున్నరకి వార్డులకి భోజనాల బళ్ళు వెళ్ళిన చప్పుడు వినపడింది. చివరి బండి ఒక్క పళ్ళెంతో తొమ్మిదో వార్డు వైపు గడగడమంటూ మళ్ళింది. ఆమె లేచి, మోకాళ్ళు పట్టుకుని, మెట్లెక్కింది.

తొమ్మిదో వార్డులో నలభై మంచాల చోట ఒక్కటే మంచం ఉంది. పక్కన స్టూలు మీద మూతపెట్టిన పళ్ళెం, మూత అంచుల్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది. మంచం మీద దుప్పటి తీసేశారు, తలగడలో తల ఆనిన గుంట మాత్రం అలాగే ఉంది. ఆయా కిటికీ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. అయిదేళ్ళుగా ఆ వార్డు చూసేది ఆవిడే.

"ఇదేంటండీ మేడం?" అంది ఆయా, లేవకుండానే. "పొద్దున నా చేతులతో ఒళ్ళు తుడిచి పంపించాను. ఇప్పుడు ఆయన పేరున భోజనం వచ్చింది. చూసి నాకు గుండాగిపోయినంత పనైంది."

"నేనే పంపించాను. పొరపాటు... పొరపాటు కాదు. తర్వాత చెప్తాను. ఎలా పోయాడు?"

"ఏముందండీ, మంచినీళ్ళు అడిగాడు. తెచ్చేలోపల పోయాడు. ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు. పెట్టడానికి ఎవరున్నారు గనక."

లిస్టమ్మ మంచం అంచున కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. సిగ్గు మాత్రం వచ్చింది, చెవులు కాలిపోయేంత సిగ్గు.

ఆయా లేచి, మంచం పక్కనున్న బీరువా తలుపు తీసింది. లోపల కిందనుంచి పైదాకా నోటు పుస్తకాలు, దారంతో కట్టలు కట్టి ఉన్నాయి. "వీటిని ఏం చెయ్యమంటారు? పాత పేపర్లవాడికి వేసేద్దామా అంటే చెయ్యి రావడం లేదు. రోజూ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రాసేవాడు. ఎందుకు తాతా ఇదంతా అంటే, కింద చెల్లెమ్మ రాయమందే, ఆపమనలేదుగా అనేవాడు. ఆ చెల్లెమ్మ ఎవరో గానీ ఒక్కసారీ రాలేదండీ."

లిస్టమ్మ పైనున్న పుస్తకం తీసింది. తేదీ, మూడు గళ్ళు, గడి గడికీ టిక్కు. ఆరు వారాలు సరిచూసి పెట్టమని అడిగింది తను. ఆరు వారాలయ్యాక ఇక చాలని చెప్పడం మర్చిపోయింది. ఇరవై నాలుగేళ్ళు సరిచూశాడు. అక్కడక్కడా పక్కన సన్నటి అక్షరాలు. 'ఉప్పు ఎక్కువైంది, చెల్లెమ్మకి చెప్పాలి.' 'లిస్టులో పాలు ఉన్నాయి, పళ్ళెంలో లేవు, చెల్లెమ్మకి చెప్పాలి.'

ఆమె కిందనున్న కట్ట విప్పి, నాలుగేళ్ళ కిందటి పుస్తకం వెతికి తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. ఆ రోజు దగ్గర పేజీ సగం రాసి ఉంది.

'రెండో మంచం ఆయన వెళ్ళిపోయాడు. ఇవాళ్టినుంచి నేనొక్కణ్ణే. మిషను లెక్క బాగానే కట్టింది. నేను కూడా పోతే ఎవరితో భాగిస్తుంది? ఆగిపోతుందేమో. కింద అందరికీ అన్నం ఆగిపోతుంది. చెల్లెమ్మకి చెప్పాలి.'

దాని కింద మర్నాడు, ఆ మర్నాడు, ఆ పై వారమంతా, గడుల పక్కన ఒకటే మాట. 'చెల్లెమ్మ రాలేదు.' తర్వాత ఆ మాట కూడా రాయడం మానేసి ఉత్త టిక్కులు పెట్టాడు.

"కబురు పెట్టలేదా?" అంది లిస్టమ్మ.

"పెడతానన్నానండీ. వద్దన్నాడు. పని మీద ఉంటుంది, దానంతటదే వస్తుందిలే అన్నాడు."

అప్పుడు ఏడ్చింది. ఆయా పళ్ళెం తీసుకుని బయటికి వెళ్ళింది.

రెండింటికి లిస్టమ్మ కిందికి దిగి, తొమ్మిదో వార్డు మొదటి వరస చెరిపేసింది. మీట మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది గానీ, చెరిపేసింది. తర్వాత ప్రోగ్రాములో రెండు వరసలు రాసింది. వార్డులో ఎవరూ లేకపోతే లెక్క కట్టకుండా ముందుకి వెళ్ళమని. వాటి పక్కన, మెషిను పట్టించుకోని చోట, తర్వాత ఎవరైనా చదివితే తెలియడానికి ఒక మాట చేర్చింది. 'ఇది తొమ్మిదో వార్డు టైలరన్నయ్య పట్టుకున్న తప్పు. నేను వినలేదు.'

నాలుగింటికి రాత్రి భోజనాల లిస్టు ఏ పేచీ లేకుండా వచ్చింది. ఎనిమిది తర్వాత పది.

"ఏమైందట?" అన్నాడు సూపరింటెండెంటు, లిస్టు తిరగేస్తూ.

"నా తప్పేనండీ. ఒక వార్డు ఖాళీ అయింది. అవుతుందని నేను అనుకోలేదు."

"ఓస్, అంతేనా? చాలా చిన్నదే. అయితే ప్రోగ్రాము గట్టిదే. మీరు వెళ్ళేదాకా దీన్నే లాగిద్దాం లెండి, కొత్తది తర్వాత చూసుకోవచ్చు." ఆయన సంతోషంగానే వెళ్ళిపోయాడు. నెల రోజులుగా ఆమె ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూసింది. ఇప్పుడు అది చెవిన పడ్డా లోపలికి దిగలేదు.

అయిదింటికి మెషిను మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుని, గేటు వైపు వెళ్ళవలసిన మనిషి మళ్ళీ మెట్లెక్కింది. వార్డు తలుపుకి అప్పటికే తాళం వేశారు. మంచాన్ని వసారాలోకి లాగి, పరుపు తీసేసి, గోడకి చేర్చారు. పొద్దున్నే స్టోర్సువాళ్ళు వచ్చి పట్టుకెళ్తారట. తలవైపు కమ్మీకి, కుడిచెయ్యి అందేచోట, ఎర్రదారంతో గట్టిగా ముడివేసి కట్టిన పెన్సిలు ముక్క ఒకటి వేలాడుతోంది. బొటనవేలంత కూడా మిగల్లేదు గానీ, దాని మొన కొత్తగా చెక్కి ఉంది.