నూకయ్య కాపలా

ఒంట్లో రోగం ఉన్న సంగతి ఆ మనిషికీ, వైద్యం చేసేవాళ్ళకీ తెలిస్తే సరిపోతుంది. మూడో చెవిన పడిందా, ఇక ఊరందరి నోళ్ళలో నానుతుంది. అక్కుపల్లిలో చర్చి పక్కగదిలో రక్తపరీక్షలు చేసే షాలినికి ఈ ముక్క చదువుకున్న చోట ఎవరూ చెప్పలేదు. నిరుడు ఊళ్ళోకి వచ్చిన ఒక ఆటో నేర్పి పోయింది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎవరి నెత్తురులో ఎంత తేడా ఉందో, ఆ గదిలోని కంప్యూటరులో పేర్లతో సహా ఉండేది. నిరుడు ఎవడో మహానుభావుడు ఆ పెట్టె మూత విప్పి, లోపలి డిస్కు పట్టుకుపోయి, ఉన్నదంతా దించుకుని, ఏమీ ఎరగనట్టు తెచ్చి బిగించేశాడు. ఎవరూ కనిపెట్టలేదు. ఆ తర్వాత కిడ్నీలకు వేరుమందు అమ్మే ఆటో ఒకటి వచ్చింది. మైకు లేదు, కేక లేదు. తిన్నగా జబ్బున్న ఇళ్ళ ముందే ఆగింది. ఏ గుమ్మం ముందు ఆగుతోందో చూస్తూ పిల్లలు వెనకాల పరుగెత్తారు. పొద్దుగూకే వేళకు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

ఆ ఆటో నూకయ్య గుమ్మం ముందు కూడా ఆగింది. నూకయ్య ఒకప్పుడు సముద్రం మీద వేటకు వెళ్ళినవాడు. ఒంట్లో ఓపిక తగ్గాక ఆ పరీక్షల గదికి కాపలాదారుగా కుదిరాడు. అతని చిన్న కూతురు దుర్గ నెత్తురులో కాస్త తేడా కనిపించింది, మందులతో సర్దుకునేంతే. భావనపాడులో సంబంధం ఖాయం చేసుకున్నవాళ్ళు మాత్రం ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. పెద్ద కూతురు గౌరి పరీక్షల గది గుమ్మంలో నిలబడి షాలినితో ఒకే ఒక్క మాట అని వెళ్ళిపోయింది. "మా యింట్లో ఇంకెవులమూ సెయ్యి సాపం, సిస్టరమ్మా."

అన్న మాట మీదే నిలబడింది. ఆమెను చూసి ఊళ్ళో చాలామంది రావడం మానేశారు. ఇప్పుడు చూస్తే పొద్దున్న లేచేసరికే గౌరి పాదాలు పొంగి ఉంటున్నాయి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని నాలుగిళ్ళు తిరిగేసరికి ఏదో ఒక అరుగు మీద కూలబడుతోంది. ఆ దారిన పోతూ షాలిని ఆ పాదాలు చూస్తూనే ఉంది. ముందే తెలిస్తే మందులతో, పత్యంతో నెట్టుకురావచ్చు. ఆలస్యమైతే డయాలసిస్ మంచమే గతి. అన్నీ తెలిసి నోరు మూసుకుని కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

అందుకని మొగుడి మీద పడింది. ఎడ్వర్డ్ పలాసలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. పెళ్ళాం అడిగిన చీర పండగ వెళ్ళిపోయాక తెచ్చే మనిషే గానీ, కంప్యూటరు పని అప్పగిస్తే అన్నం సంగతి కూడా మరిచిపోతాడు. పెట్టె మూత కింద చిన్న స్విచ్చి ఒకటి బిగించాడు. మూత కదిలిందా, కరెంటు లేని వేళైనా సరే, లోపలున్న బిళ్ళ బ్యాటరీ పుణ్యమా అని పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ ఆన్ చేసినప్పుడు ఆ సంగతి తెర మీద చెప్పేసి, ఎడ్వర్డ్ వచ్చి బుజ్జగించేదాకా మొండికేస్తుంది. డిస్కులో ఉన్నదాన్నంతా, పాస్‌వర్డ్ తెలియనివాడికి పిచ్చిరాతలా కనబడేట్టు మార్చేశాడు. పెన్‌డ్రైవ్ గుచ్చే కన్నాలు మూసేశాడు.

అంతా అయ్యాక, "నీ గోళ్ళరంగు ఏదీ, ఆ మెరుపులున్నది?" అని అడిగాడు. మూత బిగించిన స్క్రూల మీద ఆమె చేతే ఒక్కో బొట్టు పెట్టించి, ఆరనిచ్చి, ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు. రంగులోని మెరుపులు ఒకసారి పడ్డట్టు ఇంకోసారి పడవట. ఎవరైనా గీకేసి కొత్తగా పూసినా ఫోటోతో పోలిస్తే దొరికిపోతారట.

"మన పెళ్ళికి కూడా నువ్వింత సక్కగా పూసుకోలేదు" అన్నాడు. షాలిని ఆ సీసా మూతతో అతని నెత్తిన ఒకటి మొట్టింది.

ఆ సాయంత్రమే ఆమె గౌరి ఇంటికి వెళ్ళింది. గౌరి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది.

"తాళాలేసినామని నిరుడూ అన్నారు గదేటి" అంది తలెత్తకుండా.

"ఈసారి తాళం ఒక్కటే కాదు గౌరీ. పెట్టె మీద ఎవరు సెయ్యేసినా మాకు తెలిసిపోతుంది."

"మీకు తెలుత్తాది. నాకెలగ తెలుత్తాది?"

ఈ ప్రశ్నకు ఎడ్వర్డ్ ఏ స్విచ్చీ బిగించలేదు. "నేను సెప్తాను. ఎవరి సెయ్యి పడ్డా మొట్టమొదట నీకే సెప్తాను. నీ పేరు కూడా ఎక్కించను, ఉత్త నంబరే ఏస్తాను" అంది షాలిని.

గౌరి మిగిలిన చేపలన్నీ తిరగేసింది. చివరికి "సోమారం వొత్తాను" అంది.

ఆ మాట వినగానే నూకయ్య ముఖం చేటంత చేసుకున్నాడు. కూతుర్ని బతిమాలీ బతిమాలీ అలిసిపోయిన మనిషి. "పెట్టి సంగతి నువ్వు మర్సిపో సిస్టరమ్మా. నాను సూసుకుంతాను" అని షాలినికి అభయం ఇచ్చేశాడు.

సోమవారం పొద్దున్న షాలిని మీట నొక్కగానే పెట్టె కీచుమని మొత్తుకుంది. మూత తెరిచారని తెర మీద అక్షరాలు పడ్డాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వెనక్కి తొంగిచూసింది. స్క్రూల మీది రంగు పెచ్చులూడిపోయి ఉంది. ఫోను తీసి మొగుడికి చెప్పింది.

"పట్టుకుపోయినా వాడికి ఒక్క అక్షరం అర్థం కాదు. నువ్వేం కంగారుపడకు" అన్నాడు ఎడ్వర్డ్. "బండి తీస్తన్నాను. నేనొచ్చేదాకా ఎవరితోనూ అనకు."

ఫోను పెట్టేసరికి గౌరి గుమ్మంలో ఉంది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, నాలుగు మెట్లెక్కినందుకే ఆయాసపడుతూ. వచ్చి కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టింది.

"బేగి తీసీ సిస్టరమ్మా. మనసు మారిపోద్ది."

షాలిని రబ్బరు పట్టీ కట్టింది. నరం తేలింది. దూదితో తుడిచింది. ఇక సూది గుచ్చడమే. పోయిందేమీ లేదని ఎడ్వర్డ్ అన్నాడు కదా, ఎడ్వర్డ్ అబద్ధం చెప్పడు. నెత్తురు తీసుకుని, పరీక్ష చేసి, ఈ సంగతి రేపో ఎల్లుండో చెప్పుకోవచ్చు. ఇప్పుడు చెప్పిందంటే ఈ చెయ్యి మళ్ళీ దొరకదు. ఆ వాచిన పాదాలతో ఇలాగే అరుగులు పట్టుకుని తిరిగి తిరిగి గౌరి ఒకరోజు పడిపోతుంది. మాట నిలబెట్టుకున్నందుకు మనిషిని పోగొట్టుకోవాలా అని ఆమెకు ఏడుపొచ్చింది.

పట్టీ విప్పేసింది.

"గౌరీ, ఎవరో పెట్టె మూత తీసారు. ఇందాకే సూసాను. లోపలున్నది వాళ్ళకి అర్థం కాదని మా ఆయనంటున్నారు. అయినా సెయ్యి పడింది. నీకే మొదట సెప్తానన్నాను కదా."

గౌరి చెయ్యి వెనక్కి తీసుకుంది. లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అప్పుడే నూకయ్య టీగ్లాసుతో మెట్లెక్కుతున్నాడు.

"ఏటి గుంటా, అప్పుడే అయిపోయిందేటి?"

"పెట్టి ఎవుడో ఇప్పినాడంట, అయ్యా."

"ఎవుడో ఏటి" అన్నాడు నూకయ్య. "నానే ఇప్పినాను."

నూకయ్య మంచి పని చేసినవాడి ధీమాతో చెప్పుకొచ్చాడు. "సంద్రం మీద ఏట ఆపీసిన రోజులు గదా సిస్టరమ్మా. తీరం మీద ఇంజన్లన్నీ ఇప్పి తుడుసుకుని నూనె రాసుకుంతన్నారు. ఈ ఉప్పుగాలికి ఇనుమన్నది ఆగుతాదేటి? నిన్న మీరంతా సర్చిలో పాటలు పాడుతున్నప్పుడు కూకుని ఇప్పినాను. ఇంత దుమ్ము. మెత్త గుడ్డతో తుడిసి, మరలకి సుక్క నూనె రాసి బిగించీసినాను. నా కూతురు పేరు ఉండే సోటు మురికిగా ఉంచుతానేటి?"

"ఎవరూ ముట్టకూడదని మా ఆయన నీకు సెప్పారు కదా మావా."

"ఎవులూ ముట్టకూడదన్నారు. నాను ఎవులో ఏటి? కాపలావోణ్ణి గదా."

పాపం ఎడ్వర్డ్ కట్టుదిట్టాలన్నీ దొంగ కోసమే చేశాడు. షాలినికి కోపం రావాల్సింది, నవ్వు రాబోయింది. రెండూ రాకముందే ముసలాయన చూపు గౌరి మీద పడింది. ఆమె గడప దాటి నిలబడి ఉంది. మోచేతి మడతలో నెత్తురు తీసిన గుర్తు లేదు. అతనికి అప్పుడు వెలిగింది. టీగ్లాసు కింద పెట్టి, ఆ మెట్టు మీదే చతికిలబడ్డాడు.

"నా వల్లే ఎల్లిపోతన్నావేటి గుంటా?" అన్నాడు. "నిరుడు నా కాపలాలోనే పోయింది గదా అంతా. నా సిన్నదాని పెళ్ళి నా కాపలాలోనే సెడింది. ఆ కాణ్ణుంచి నాకు కంటి మీద కునుకు నేదు. నీ పేరైనా బద్రంగా సూసుకుందారనుకున్నాను. మళ్ళీ నానే సెడగొట్టినాను."

అతను ఇంతకాలం ఈ మాట ఎవరితోనూ అనలేదని షాలినికి అర్థమైంది. గౌరికీ అర్థమై ఉంటుంది. ఆమె తండ్రి కూర్చున్న మెట్టు దగ్గరికి వచ్చింది. తర్వాత వంగి, అతని చెయ్యి పట్టుకుని లేపి, తనతో లోపలికి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. చెయ్యి మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"నిరుడు ఊరందరికీ తెలిసినాక ఆకర్న మాకు తెలిసింది, సిస్టరమ్మా. నువ్వు కట్టిన పట్టీ ఇప్పి మరీ సెప్పినావు. తియ్యి."

షాలిని మళ్ళీ పట్టీ కట్టింది. సూది దిగుతుంటే గౌరి కళ్ళు మూసుకోలేదు, నూకయ్య మూసుకున్నాడు. నెత్తురు గొట్టంలోకి ఎక్కింది. షాలిని దాని మీద కాగితం ముక్క అంటించి పెన్ను తీసింది.

"ఏటి రాత్తన్నావు?" అంది గౌరి.

"నీ నంబరు."

"నంబరెందుకు. నూకయ్య కూతురు గౌరి అని రాయి. ఎవులైనా అడిగితే మా అయ్య కాపలాలో ఉన్నానని సెప్పుకుంతాను."

షాలిని రాసింది.